లారీలో ఎడమ సీటుకు జీతం కట్టండి

సంపాదకులు గారికి నమస్కారం.

మాది సింగరాయకొండ దగ్గర పల్లె. 1997లో క్లీనరుగా లారీ ఎక్కాను. నాలుగేళ్లు క్లీనరుగా, ఆ తర్వాత ఇరవై రెండేళ్లు డ్రైవరుగా పని చేశాను. నడుము సహకరించక మానేసి, ఇప్పుడు హైవే పక్కన టైర్ల పని చేసుకుంటున్నాను.

పోయిన నెల కొండపి వైపు కుర్రాడు ఒకడు బైకుకు పంక్చరు వేయించుకోవడానికి వచ్చాడు. ఇరవై మూడేళ్లుంటాయి. చీమకుర్తి దగ్గర గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో పని చేసేవాడట. ఆర్డర్లు లేవని ముందు షిఫ్టు తగ్గించారు, తర్వాత రావద్దన్నారు. వాళ్లమ్మ కమ్మలు తాకట్టు పెట్టి హెవీ లైసెన్సు తీసుకున్నాడు. చొక్కా జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులో ఉన్న కార్డు నాకు చూపించాడు. మడత పడకుండా, తడవకుండా దాచుకున్నాడు. దాన్ని పట్టుకుని రెండు నెలలుగా ఒంగోలు, నెల్లూరు, ముత్తుకూరు ట్రాన్స్‌పోర్టు ఆఫీసుల చుట్టూ కాళ్లరిగేలా తిరుగుతున్నాడు. ఎక్కడికి పోయినా ఒకటే ప్రశ్న: ఎన్నేళ్లు తోలావు? "ఎవరో ఒకరు బండి ఇస్తేనే కదా బాబాయ్, అనుభవం వచ్చేది!" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. అది మీ పత్రిక ద్వారా అధికారులను, లారీ ఓనర్లను అడుగుదామనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఇలాంటి పిల్లలు ఇప్పుడు మా ప్రాంతంలో చాలామంది ఉన్నారు. చైనాలో ఇళ్ల కట్టుబడి పడిపోయాక మన నల్లరాయి బ్లాకులకు గిరాకీ తగ్గింది. 2025లో నల్లబర్లీ పొగాకు కొనే నాథుడు లేక చివరికి ప్రభుత్వమే మార్క్‌ఫెడ్‌తో కొనిపించాల్సి వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచేసరికి రొయ్యల రైతులు అల్లాడిపోయారు. క్వారీ, చెరువు, పొగాకు మూడూ ఒకేసారి దెబ్బతింటే ఇక్కడి కుర్రాడికి కనిపించేవి రెండే దారులు. కనిగిరి, పామూరు వాళ్లలా బేల్దారి (తాపీ) పనికి బెంగళూరో హైదరాబాదో పోవడం ఒకటి, లారీ స్టీరింగు పట్టుకోవడం ఇంకొకటి. లారీ పనికైతే పెద్ద చదువు అడగరని అటు మొగ్గుతున్నారు. హెవీ లైసెన్సుకు ఎనిమిదో తరగతి ఉండాలన్న నిబంధన కూడా 2019లో తీసేశారు. ఇరవై ఏళ్లు నిండి, లైట్ వెహికల్ లైసెన్సు తీసుకుని ఏడాది గడిస్తే హెవీ ఎల్ఎల్ఆర్‌కు, అంటే బండి నేర్చుకునే లైసెన్సుకు, దరఖాస్తు పెట్టుకోవచ్చు.

కానీ సరుకు లేనప్పుడు లారీ కూడా ఆగిపోతుంది. బయట రంగాల్లో పని పోయినవాళ్లు వచ్చే సమయానికే ఇక్కడ బండ్లు ఖాళీగా నిలబడి ఉంటాయి. పాతికేళ్ల అనుభవం ఉన్న డ్రైవర్లే లోడు కోసం కాచుకుని కూర్చుంటే కొత్తవాడికి తాళం ఎవరిస్తారు? ఓనరును తప్పుపట్టడానికి కూడా లేదు. నెల తిరిగేసరికి ఫైనాన్స్ కిస్తీ కట్టాలి, ఇన్సూరెన్సు కట్టాలి, టైర్లు మార్చాలి. ముప్పై లక్షల పైచిలుకు బండిని ముక్కూ మొహం తెలియని కుర్రాడి చేతిలో పెట్టమంటే ఎవరికైనా భయంగానే ఉంటుంది.

మా కాలంలో ఈ చిక్కు లేదు, ఎందుకంటే డ్రైవరుకు ఎడమ పక్క క్లీనరు సీటు ఉండేది. అదే మా బడి. లోడు మీద పట్టా కప్పి తాడు ఎలా లాగి కట్టాలో నా గురువు నాకు నెల రోజులు నేర్పాడు. ముడి వదులైతే దారి మధ్యలో బండి ఆపించి, విప్పి, మళ్లీ మొదటినుంచి కట్టించేవాడు. తెల్లవారుజామున బండి తీసే ముందు రాడ్డు చేతికిచ్చి చక్రాలన్నీ కొట్టమనేవాడు. గాలి సరిగ్గా ఉన్న టైరు టంగుమని రాడ్డును వెనక్కి తంతుంది. గాలి తగ్గినది దబ్బుమని మెత్తగా పలుకుతుంది. జంట టైర్లలో లోపలిది దిగిపోతే బయటి నుంచి కంటికి కనిపించదు, చెవికే తెలుస్తుంది. ఒకసారి గిద్దలూరు దాటి నల్లమల ఘాట్ దిగుతున్నాం. ముందుపోయే బండి డ్రైవరు డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలాడు. మా గురువు రెండో గేరులోకి మార్చి, "ఈ ఎత్తు ఎక్కడానికి ఏ గేరు కావాలో, దిగడానికీ అదే గేరు" అన్నాడు. రెండు మలుపులు తిరిగేసరికి ఆ ముందు బండి బ్రేకులు కాలిన వాసన మా క్యాబిన్‌లోకి వచ్చింది. ఆ వాసన నేను తోలినన్నాళ్లూ నాకు గుర్తుంది.

ఇప్పుడు ఆ సీటు ఖాళీగా పోతోంది. 2018లో రాష్ట్రాలు దాటి తిరిగే నేషనల్ పర్మిట్ లారీకి ఇద్దరు డ్రైవర్లు ఉండాలన్న నిబంధన ఎత్తేశారు. అదే ఏడాది బండి మోయగల బరువు పరిమితిని పెంచారు. పది చక్రాల లారీకి మొత్తం బరువు 25 టన్నుల నుంచి 28.5 టన్నులయింది. ఉన్న సరుకే తక్కువ లారీల్లో సర్దుకునేసరికి కిరాయిలు పెరగలేదు. కిరాయి గిట్టుబాటు కాకపోతే ఓనరు మొదట తగ్గించుకునేది క్లీనరు ఖర్చే. కరోనా తర్వాత ఇది ఇంకా ఎక్కువైంది. కొన్ని ఫ్యాక్టరీల గేటు దగ్గర బండితో పాటు ఒక్కరినే లోపలికి వదులుతున్నారు. దాంతో ఒక్క మనిషే బండి తోలడం, తాడు కట్టడం, కాగితాలు చూపించడం, రాత్రి కాపలా కాయడం అన్నీ చేస్తున్నాడు. మోటారు రవాణా కార్మికుల చట్టం 1961లోనే వచ్చింది. రోజుకు ఎనిమిది గంటలు, వారానికి నలభై ఎనిమిది గంటలకు మించి పని చేయించకూడదని అందులో రాసి ఉండేది. నా ఇరవై రెండేళ్ల డ్రైవరు జీవితంలో ఆ లెక్క ప్రకారం నడిచిన ట్రిప్పు ఒక్కటీ లేదు.

శిక్షణ కేంద్రాలు వద్దని నేను అనను. 2021 నుంచి గుర్తింపు పొందిన కేంద్రాల్లో హెవీ కోర్సు 38 గంటలు, ఆరు వారాల్లో నేర్పాలని రూలు ఉంది. మన జిల్లాలో దర్శిలోనే ప్రభుత్వం కట్టిన డ్రైవింగ్ శిక్షణ సంస్థ ఉంది. పదిమంది పిల్లల్ని నేనే అక్కడికి పొమ్మని చెప్పాను. కానీ 38 గంటల్లో గేర్లు, రూల్సు వస్తాయి. ఇరవై టన్నుల రాయి వెనకాల పెట్టుకుని వానలో టంగుటూరు టోల్‌గేటు ముందు బ్రేకు ఎంత ముందుగా నొక్కాలో, రాత్రి రెండింటికి నిద్ర ముంచుకొస్తున్నప్పుడు బండి ఎక్కడ ఆపాలో ట్రాక్ మీద రాదు. అది పక్కన కూర్చుని చూసి నేర్చుకోవాల్సిందే.

అందుకే నేను అడిగేది ఒక్కటే. లైసెన్సు వచ్చిన కుర్రాడికి ఏడాది పాటు ఆ ఎడమ సీటును జీతంతో ఇప్పించండి. అప్రెంటిస్‌లకు ఇచ్చే స్టైపెండులో 25 శాతం, నెలకు 1,500 రూపాయల వరకు కేంద్రం భరించే పథకం 2016 నుంచి ఉంది. అయితే అది నలుగురి కంటే తక్కువ మంది పనిచేసే చోటికి వర్తించదు. మన దగ్గర లారీలు ఎక్కువగా ఒకటి రెండు బండ్ల ఓనర్లవే. వాళ్లందరినీ లారీ ఓనర్ల సంఘం కింద ఒక గూటికి తెచ్చి ఆ పథకం అందేలా చేయాలి. మిగతా జీతంలో కొంత రాష్ట్రం, కొంత ఓనరు పెట్టుకోవాలి. ఆ కుర్రాడు ఎన్ని ట్రిప్పులు తిరిగాడో, ఏ ఘాట్ ఎక్కి దిగాడో ఒక పుస్తకంలో డ్రైవరు సంతకంతో రాయాలి. రేపు ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో "ఎన్నేళ్లు తోలావు?" అని అడిగితే చూపించడానికి ఆ పుస్తకం ఉంటుంది.

జీతం అని గట్టిగా ఎందుకు అంటున్నానంటే దానికి ఇంకో కారణం ఉంది. తెలిసిన డ్రైవరును బతిమాలుకుని, నేర్చుకుంటానని ఊరికే బండి ఎక్కే పిల్లలు ఇప్పటికీ ఉన్నారు. దారిలో ప్రమాదం జరిగితే వాడు ఆ బండిలో పనివాడని రుజువు చేయడానికి చిన్న కాగితం ముక్క కూడా ఉండదు. లారీలో పనిచేసే మనిషికి రావాల్సిన పరిహారం కోసం ఆ తల్లిదండ్రులు ఏళ్ల తరబడి కోర్టు మెట్లెక్కాల్సి వస్తుంది. నాకు తెలిసిన ఒక ఇంట్లో ఇదే జరిగింది. ఆ పిల్లవాడు నా చేతి మీదుగానే మొదటిసారి లారీ ఎక్కాడు. ఆ తల్లి ఇప్పటికీ ఎదురుపడితే నన్ను ఒక్క మాట అనదు. అదే నాకు ఎక్కువ బాధ.

తల్లిదండ్రులకు కూడా ఒక మాట చెప్పాలి. పని దొరకలేదని సొంత లారీ కొనకండి. కొద్దిగా కడితే చాలు, మిగతాది మేం చూసుకుంటామని ఫైనాన్స్ వాళ్లు ఇంటికి వస్తారు. కిరాయిలు పడిపోయిన కాలంలో రిటర్న్ లోడు దొరక్క చెన్నైలోనో విజయవాడలోనో నాలుగు రోజులు బండి ఆగితే ఆ నెల కిస్తీ తప్పినట్టే. పొలం అమ్మి బండి కొని, రెండేళ్లకు బండి కూడా పోగొట్టుకున్న వాళ్లను మా వీధిలోనే చూశాను. ముందు ఒకరి దగ్గర నాలుగేళ్లు తోలనివ్వండి.

కలెక్టరు గారి అధ్యక్షతన జిల్లా రోడ్డు భద్రతా కమిటీ సమావేశాలు జరుగుతుంటాయి. ఈసారి ప్రకాశం, నెల్లూరు జిల్లాల కమిటీలు లారీ ఓనర్లను, క్వారీల వాళ్లను, కృష్ణపట్నం పోర్టు వాళ్లను, నాలాంటి పాత డ్రైవర్లు ఇద్దరు ముగ్గురిని కూర్చోబెట్టి ఈ విషయం మాట్లాడాలి. బండ్లు ఖాళీగా ఉన్న ఈ రోజుల్లోనే నేర్పే తీరిక పాతవాళ్లకు ఉంటుంది. సరుకు పుంజుకున్నాక నేర్పేవాడు దొరకడు, అప్పుడు డ్రైవర్లు లేరని ఓనర్లే మొత్తుకుంటారు. పిలిస్తే నా కొట్టు ఒకపూట మూసి వస్తాను.

ఆ కుర్రాడు నిన్న మళ్లీ వచ్చాడు. ఇంకా పని దొరకలేదు. నా రాడ్డు తీసుకుని, రిపేరుకు వచ్చిన ట్రాలీ టైర్లు ఒక్కొక్కటే కొట్టి చూశాడు. కుడివైపు వెనక జంటలో లోపలి టైరు దగ్గర ఆగి, రెండోసారి కొట్టి, నా వైపు చూశాడు. అది దిగిపోయి ఉంది.

ఇట్లు,
ఒక పాత లారీ డ్రైవరు,
సింగరాయకొండ, ప్రకాశం జిల్లా.