బోటు ఫ్యాన్ మీద సమ్మెట దెబ్బలు ఆగాలంటే పుల్లర్లు రేవులోనే ఉండాలి

ఎడిటర్ గారికి నమస్కారం,

సముద్రంలో చేపల వేట విరామం నడుస్తోంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మెకనైజ్డ్ బోట్లు, మోటారు తెప్పలు అన్నీ ఒడ్డునే ఉంటాయి, ఆ రోజులకి ప్రభుత్వం ఇచ్చే భృతి ఎవరికి పడింది ఎవరికి పడలేదు అని మీ పేపర్లో ఏటా వార్తలు వేస్తున్నారు, మంచి పని, వెయ్యాలి కూడా. కానీ ఏడాది మొత్తానికి సరిపడా బోటు రిపేర్లు జరిగేది కూడా ఈ రెండు నెలల్లోనే, వాటి గురించి మాత్రం ఒక్క ముక్క కనపడదు. అందులోనూ ఫ్యాన్ పని, అంటే బోటు అడుగున తిరిగే ప్రొపెల్లర్ విప్పడం, బాగు చెయ్యడం, మళ్ళీ బిగించడం, దాని గురించి రాద్దామని ఈ ఉత్తరం. నేను కాకినాడ వైపు బోటు ఇంజన్ల మీద, ఇంజన్ నుంచి వచ్చి ఫ్యాన్‌ని తిప్పే షాఫ్టు కడ్డీల మీద పని చేసే ఫిట్టర్ని.

ముందు అసలు ఇబ్బంది ఎక్కడుందో చెప్తాను. స్లిప్‌వే, అంటే బోట్లని నీళ్ళల్లోంచి పైకి లాగే వాలు గట్టు, దాని మీదకి ఎక్కించాల్సిన బోట్లు ఎక్కువ, చోటు తక్కువ. వంతు వచ్చేదాకా ఆగలేని వాళ్ళు పోటు మీద బోటుని ఏటి ఒడ్డుకి ఎక్కించి ఆపుతారు, పాటుకి నీళ్ళు తగ్గాక ఫ్యాన్ బయటపడుతుంది, మళ్ళీ పోటు వచ్చేలోపు విప్పెయ్యాలి. మన తీరంలో రోజుకి రెండు పోట్లు రెండు పాట్లు, అంటే చేతిలో ఉండేది కొద్ది గంటలు, అదీ మోకాలి లోతు బురదలో. ఆ తొందరలో ఫ్యాన్‌ని లాగే పనిముట్టు, అదే పుల్లర్, ఎక్కడ వెతుకుతారు, సమ్మెట తీస్తారు, సమ్మెటకి కదలకపోతే గ్యాస్ కట్టర్ తెప్పిస్తారు. నేను పని చేసిన రేవుల్లో చాలా చోట్ల ఇదే చూశాను, తప్పు కూలికి వచ్చిన కుర్రాడిది కాదు, వాడికి సరైన పనిముట్టు ఎవరూ ఇవ్వలేదు, సరైన పద్ధతి ఎవరూ చూపించలేదు.

షాఫ్ట్ చివర ఏటవాలుగా సన్నబడుతూ ఉంటుంది, ఫ్యాన్ మధ్యలో ఉన్న బొక్క కూడా అదే ఏటవాలుతో ఉంటుంది, రెండూ ఒకదాంట్లో ఒకటి గట్టిగా దిగిపోతాయి, తిప్పే బలం చాలావరకు ఆ పట్టు మీదే నడుస్తుంది. అందుకే నట్టు తీసెయ్యగానే ఊడి రాదు, ఏడాదంతా ఉప్పు నీళ్ళల్లో ఉన్నాక ఇంకా మొండికేస్తుంది. దానికి మందే పుల్లర్. రెండు మందపాటి ఇనప ప్లేట్లు, వాటి మధ్య పొడుగు బోల్టులు, అంతే. ఒక ప్లేటు ఫ్యాన్ వెనక, ఒకటి షాఫ్ట్ కొన మీద పెట్టి బోల్టులు అన్నిటినీ కొంచెం కొంచెం సమానంగా బిగిస్తూ పోతే ఎంత మొండిదైనా టక్కుమని వదులుతుంది. ఆ వదిలేటప్పుడు నట్టు షాఫ్ట్ మీదే ఉండాలి, నట్టు ఊడకుండా గుచ్చే స్ప్లిట్ పిన్ను తీసి నట్టుని రెండు మూడు చుట్లు వదులు చేసి అక్కడే ఉంచాలి, పూర్తిగా తీసేస్తే పట్టు వదిలిన క్షణంలో అంత బరువు ఇత్తడి ముద్ద కింద కూర్చున్న మనిషి ఒళ్ళో పడుతుంది, కాలో చెయ్యో పోతుంది. ఇంత చిన్న జాగ్రత్త కూడా కొత్త కుర్రాళ్ళకి ఎవరూ చెప్పట్లేదు.

బిగించినా రాకపోతే మరిగే నీళ్ళు పొయ్యాలి. గోనె గుడ్డ చుట్టి ఫ్యాన్ బొడ్డు, అంటే రెక్కలు కలిసే మధ్య భాగం మీద కెటిల్ కెటిల్ పోస్తూ ఉంటే కంచు స్టీలు కన్నా ఎక్కువ వ్యాకోచిస్తుంది కాబట్టి పట్టు సడలుతుంది. గ్యాస్ మంట పెడితే పని త్వరగా అవుతుందనుకుంటారు, కానీ మంట ఒక్కచోటే తగిలి లోహం దెబ్బతింటుంది, ఆ దెబ్బ అప్పుడు కనపడదు, నడిసముద్రంలో రెక్క విరిగినప్పుడు కనపడుతుంది. ఇంకో ప్రమాదం ఉంది, కొన్ని ఫ్యాన్లకి బొడ్డు లోపల ఖాళీ ఉంటుంది, అందులో గ్రీజో నీళ్ళో చిక్కుకుని ఉంటే మంటకి ఆవిరై బయటికి దారి లేక పేలిపోతుంది. దయచేసి మంట పెట్టకండి అని మీ పేపర్ ద్వారా బోటు ఓనర్లందరికీ చెప్తున్నాను. షాఫ్ట్ కొన మీద సమ్మెటతో కొట్టడం కూడా అంతే, మరలు చితికిపోతాయి, ఆ దెబ్బ షాఫ్ట్ పట్టుకుని గేర్‌బాక్స్ బేరింగ్ దాకా పోతుంది.

విప్పాక అసలు పని మొదలవుతుంది. ఫ్యాన్ బొడ్డు మీద రెండు అంకెలు కొట్టి ఉంటాయి, ఉదాహరణకి 36, 24 అని, అంటే అడ్డం 36 అంగుళాలు, ఒక్క చుట్టు తిరిగితే లెక్క ప్రకారం ముందుకి 24 అంగుళాలు పోవాలి, దాన్నే పిచ్ అంటాం. రెక్క రాయికి తగిలి వంగిందంటే ఆ రెండో అంకె ఆ రెక్కకి మారిపోయినట్టే. ఇప్పుడు చాలాచోట్ల జరిగేది ఏంటంటే రెక్కని దిమ్మ మీద పెట్టి కంటి అంచనాతో కొట్టి తిన్నగా చేస్తారు, చిరిగిన చోట దొరికిన రాడ్డుతో వెల్డింగ్ పెట్టి గ్రైండర్ కొట్టి మెరిపిస్తారు, చూడ్డానికి కొత్తదానిలా ఉంటుంది. కానీ ఒక్కో రెక్క పిచ్ ఒక్కోలా, బరువు ఒక్కోలా ఉంటుంది. ఇంట్లో సీలింగ్ ఫ్యాన్ రెక్క ఒకటి వంగితే మొత్తం ఎలా ఊగిపోతుందో అందరికీ తెలుసు, ఇక్కడ ఆ ఊపు నీళ్ళ బరువు మీద, షాఫ్ట్ మీద, షాఫ్ట్ బయటికి వెళ్ళే చోట నీళ్ళు లోపలికి రాకుండా ఆపే గ్లాండు మీద పడుతుంది. గ్లాండు ప్యాకింగ్ త్వరగా అరుగుతుంది, బోటులోకి నీళ్ళు ఎక్కువగా దిగుతాయి, షాఫ్ట్ బేరింగ్ పోతుంది, గేర్‌బాక్స్ ఆయిల్ సీల్ పోతుంది. ఓనరు పాపం సీల్ మారుస్తాడు, బేరింగ్ మారుస్తాడు, మళ్ళీ పోతాయి, ఫ్యాన్ వైపు మాత్రం చూడడు.

సరిగ్గా చెయ్యాలంటే ప్రతి రెక్కనీ పిచ్ గేజ్ పెట్టి మూడు నాలుగు చోట్ల కొలవాలి, వెల్డింగ్ ఆ లోహానికి తగిన రాడ్డుతోనే పెట్టాలి, తరవాత ఫ్యాన్‌ని గుండ్రటి కడ్డీకి ఎక్కించి మట్టం చూసిన రెండు పట్టాల మీద వదలాలి. ఎటు వదిలితే అటు కదలకుండా నిలబడితే బ్యాలెన్స్ ఉన్నట్టు, ప్రతిసారీ ఒకే రెక్క కిందికి దిగుతుంటే ఆ రెక్క బరువు ఎక్కువ ఉన్నట్టు. ఆ బరువు కూడా రెక్క అంచు కోసి తగ్గించకూడదు, వెడల్పు ఉన్న చోట పల్చగా గీకి తగ్గించాలి.

ఇంకో విషయం లోహం గురించి. మన దగ్గర చాలా ఫ్యాన్లు మాంగనీస్ బ్రాంజ్‌వి, అందులో జింకు దాదాపు 40 శాతం ఉంటుంది. బోటు అడుగున ఫ్యాన్‌కి బదులు అరగడానికి పెట్టే జింకు బిళ్ళలు అరిగిపోయినా మార్చకపోతే ఉప్పునీళ్ళు ఫ్యాన్‌లో ఉన్న జింకునే తినేస్తాయి, రెక్క రంగు పసుపు పోయి గులాబీ ఎరుపు తేలుతుంది, చిన్న సుత్తితో తడితే ఖంగుమనదు, మొద్దుగా శబ్దం వస్తుంది. అలాంటి ఫ్యాన్‌కి ఎంత వెల్డింగ్ పెట్టినా డబ్బు దండగ, పక్కన పడేసి కొత్తది వెయ్యాల్సిందే. ఈ మాట మొహమాటం లేకుండా ఓనరుకి చెప్పే మనిషి రేవులో ఒకడు ఉండాలి.

ప్రభుత్వం 2019లో బోట్ల డీజిల్ మీద రాయితీని లీటరుకి 9 రూపాయలు చేసింది. రెక్కలు వంకరపోయిన బోటు అదే స్పీడుకి ఎక్కువ డీజిల్ తాగుతుంది, ఇంజన్ మీద లోడు పడి నల్ల పొగ కక్కుతుంది, పూర్తి చుట్లు అందుకోలేదు. అంటే ప్రజల డబ్బుతో ఇచ్చిన రాయితీ డీజిల్ కొంత వంకర రెక్క దగ్గరే పోతోంది. డీజిల్ రాయితీకి పెట్టే ఖర్చులో చిన్న భాగం ఫ్యాన్ పని మీద పెడితే రేవుకి ఒక మంచి షెడ్డు వస్తుందని నా గట్టి నమ్మకం.

బిగించేటప్పుడు చేసే తొందర కూడా తక్కువేం కాదు. ముందు కీ, అంటే ఫ్యాన్ షాఫ్ట్ మీద జారకుండా గాడిలో పెట్టే లోహపు ముక్క, అది లేకుండా ఫ్యాన్‌ని షాఫ్ట్ మీదకి తోసి ఎక్కడిదాకా వెళ్ళిందో గీత పెట్టుకోవాలి, తరవాత కీ పెట్టి తోస్తే సరిగ్గా ఆ గీత దాకే రావాలి, రాకపోతే ఫ్యాన్ కీ మీద ఎక్కి కూర్చుందని అర్థం, అలా బిగిస్తే కీ గాడి దగ్గర షాఫ్ట్ చీలిక వేస్తుంది. పాత స్ప్లిట్ పిన్ను తిన్నగా చేసి మళ్ళీ పెట్టడం మానెయ్యాలి, కొత్త పిన్ను ఖరీదు ఒక టీ ఖరీదు కూడా ఉండదు. చెక్క బోటైతే నీళ్ళల్లోకి దింపాక ఒక రోజు ఆగి ఇంజన్ వైపు షాఫ్ట్ కలిసే కప్లింగ్ దగ్గర షాఫ్ట్ తిన్నగా ఉందో లేదో మళ్ళీ చూడాలి, ఒడ్డు మీద ఉన్న ఆకారం నీళ్ళల్లో ఉండదు.

ఫైబర్ తెప్పలకి పెట్టే చిన్న ఔట్‌బోర్డ్ మోటార్ల వాళ్ళకి ఒక మాట. ఫ్యాన్ వెనక సన్నటి నైలాన్ దారం చుట్టుకుని లోపలికి దూరి ఆయిల్ సీల్‌ని కోసేస్తుంది, బయటికి ఏమీ కనపడదు, గేర్ ఆయిల్ పాల రంగులోకి మారితే నీళ్ళు దిగాయని అర్థం. అప్పుడప్పుడు ఫ్యాన్ విప్పి ఆ దారం తీసి గ్రీజు రాసి పెట్టుకోండి, విప్పే ముందు పెట్రోల్ మోటారైతే ప్లగ్గు వైరు తప్పకుండా పీకేయండి, చేత్తో రెక్క తిప్పినా ఇంజన్ అందుకునే ప్రమాదం ఉంది.

ఇక నన్ను అన్నిటికన్నా బాధపెట్టే విషయం. సముద్రంలో వల ఫ్యాన్‌కి చుట్టుకుంటే బోటు మీద పని చేసే కలాసీల్లో బాగా ఈదేవాడు నోట్లో కత్తి కరుచుకుని బోటు కిందకి దిగుతాడు, ఊపిరి బిగపట్టి కోసి పైకొచ్చి మళ్ళీ దిగుతాడు. పైన బోటు కెరటానికి లేచి పడుతుంటే అడుగు వచ్చి తలకి తగులుతుంది, కోసిన వల చేతికో కాలికో చుట్టుకుంటుంది. అప్పుడు ఇంజన్ ఆపి తాళం చెవి బోటు నడిపే సరంగు జేబులో ఉండాలి, దిగినవాడి నడుముకి తాడు ఉండాలి, ఆ తాడు పట్టుకుని ఒక మనిషి వేరే పని చూడకుండా ఉండాలి. బోటుకి ఒక కళ్ళద్దాల మాస్కు, గాలి గొట్టం, పొడుగు కర్రకి బిగించిన కొడవలి ఉంచితే చాలాసార్లు అసలు నీళ్ళ కిందకి దిగే పనే ఉండదు. లైసెన్స్ రెన్యువల్ టైములో లైఫ్ జాకెట్లతో పాటు ఇవి కూడా ఉన్నాయో లేదో చూడమని మత్స్యశాఖ వాళ్ళని వేడుకుంటున్నాను. సముద్రంలో తెగిన వలలు వదిలేసి వచ్చే అలవాటు కూడా ఆగాలి, ఒకరు వదిలిన ముక్క ఇంకొకరి ఫ్యాన్‌కి చుట్టుకుంటోంది.

నేను అడిగేది పెద్ద ప్రాజెక్టు కాదు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం, నిజాంపట్నం లాంటి ప్రతి రేవులో స్లిప్‌వే పక్కన ఒక షెడ్డు, అందులో రకరకాల సైజుల పుల్లర్లు రోజు అద్దెకి, ఒక పిచ్ గేజ్, ఒక బ్యాలెన్స్ స్టాండు, ఈ 61 రోజులూ అక్కడే ఉండే శిక్షణ ఉన్న ఫిట్టర్. మనుషులు లేరనడానికి లేదు, విశాఖలో కేంద్ర ప్రభుత్వ మత్స్య శిక్షణ సంస్థ సిఫ్‌నెట్ యూనిట్ ఉంది, ఆ సంస్థ మెరైన్ ఫిట్టర్ కోర్సు నడుపుతోంది, కాకినాడలో రాష్ట్ర ప్రభుత్వ మత్స్య సాంకేతిక సంస్థ ఉంది, వేట విరామంలో ఈ రెండు చోట్ల నుంచి ఇన్‌స్ట్రక్టర్లని రేవులకి పంపి పాత సమ్మెట మేస్త్రీలకి, కొత్త కుర్రాళ్ళకి కలిపి వారం రోజులు చేతి పని చూపించినా చాలు. జువ్వలదిన్నె, ఉప్పాడ లాంటి కొత్త హార్బర్లలో ఈ షెడ్డుకి చోటు ఇప్పుడే కేటాయించాలి, తరవాత ఐస్ ప్లాంటుకో వేలం హాలుకో పోయాక చోటు దొరకదు. స్లిప్‌వే వంతుల లిస్టు కూడా గేటు దగ్గర బోర్డు మీద రాసి పెట్టాలి, ఎవరి బోటు ఏ రోజు ఎక్కుతుందో అందరికీ కనపడితే బురదలో పాటు చూసుకుని పని చేసే అవసరం చాలామందికి తప్పుతుంది.

జూన్ 14 లోపు మీ విలేకరి గారిని ఏదైనా ఒక రేవుకి పంపండి, ఫ్యాన్ విప్పుతున్న చోట ఒక పూట నిలబడమనండి, మత్స్యశాఖ జాయింట్ డైరెక్టర్ గారిని కూడా ఈ షెడ్డు గురించి అడిగి ఆయన ఏం చెప్పారో అదే పేజీలో వెయ్యండి.

ఇట్లు,
ఒక బోటు ఫిట్టర్,
కాకినాడ