కొండ దిగేటప్పుడు వెనక్కి వాలితే స్కీ మాట వినదు

సంపాదకులకు నమస్కారం.

చలికాలంలో కశ్మీర్‌లోని గుల్మార్గ్, ఉత్తరాఖండ్‌లోని ఔలి, హిమాచల్‌లో మనాలి దగ్గరి సోలాంగ్ చూసి రమ్మంటూ మీ పత్రిక వేసిన వ్యాసంలో, కాళ్లకు స్కీలనే పొడవాటి పలకలు తగిలించుకుని మంచు మీద జారే స్కీయింగ్ గురించి 'గంటసేపు నేర్పిస్తారు, ఆ తర్వాత జారుకుంటూ పోవడమే' అన్న మాట ఉంది. తిరుపతి నుంచి బయల్దేరేవాళ్లు దాన్ని నమ్ముకుంటే మోకాలికి కట్టుతో తిరిగి రావలసి వస్తుంది. ఆ గంటలో వచ్చేది బూట్లు తొడుక్కోవడం, పడటం, లేవడం, మహా అయితే చదునైన చోట పది గజాలు జారడం. వాలు మీద తన ఇష్టప్రకారం తిరిగి, అనుకున్న చోట ఆగడానికి వరుసగా నాలుగైదు రోజుల పాఠాలైనా కావాలి. ఔలిలో ఉత్తరాఖండ్ ప్రభుత్వ పర్యాటక సంస్థ గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ ఏడు రోజుల, పద్నాలుగు రోజుల కోర్సులు నడుపుతోంది. గుల్మార్గ్‌లో కేంద్ర పర్యాటక శాఖ సంస్థ ఉంది. మనాలి పర్వతారోహణ సంస్థ కూడా స్కీయింగ్ నేర్పుతుంది. హోటల్ గది ఒక మెట్టు తగ్గించుకునైనా ఆ డబ్బు ఇన్‌స్ట్రక్టరుకు పెట్టడం మేలు.

ఎందుకంటే ఇందులో మొదటి తప్పు చేసేవాడికి కనబడదు. అలిపిరి దారిలో మోకాళ్ల పర్వతం దిగుతున్నప్పుడు ఒళ్లు తనంతట తానే వెనక్కి వాలుతుంది. మెట్ల మీద అది మంచిదే. మంచు మీద అదే కొంప ముంచుతుంది. స్కీని తిప్పేది దాని ముందు భాగం. బరువు మడమల మీదికి పోగానే ఆ భాగం తేలికై మంచు మీద పట్టు వదిలేస్తుంది. స్కీ తిన్నగా పోతుంది, వేగం పెరుగుతుంది, భయంతో మనిషి ఇంకా వెనక్కి వాలతాడు. పది నిమిషాలకే తొడలు మండుతున్నాయంటే కారణం నీరసం కాదు, నిలబడ్డ తీరు.

దీనికి చాలామంది ఇన్‌స్ట్రక్టర్లు 'ఘుట్‌నా మోడో' అని అరుస్తారు. మోకాళ్లు వంచమన్నారు కదా అని మనవాళ్లు బడిలో గోడకుర్చీ వేసినట్టు కూర్చుంటారు. మోకాళ్లైతే వంగాయి, బరువు మాత్రం ఇంకా వెనక్కి పోయింది. నిజానికి ముందు వంగాల్సింది చీలమండ. కాలి ముందు ఎముక బూటు నాలుకకు ఆనుకుని నొక్కుతూ ఉండాలి, చేతులు నడుముకు ముందు, కంటికి కింది అంచున కనబడుతూ ఉండాలి. సరిగా నిలబడ్డామో లేదో తేల్చే పరీక్ష ఒకటుంది. చదును మీద నిలబడి చిన్నగా ఎగరాలి. రెండు స్కీలూ ముందూ వెనకా సమంగా ఒకేసారి లేస్తే సరే, ముందు కొసలు మొదట లేస్తే బరువు వెనకే ఉన్నట్టు. వాలుకు అడ్డంగా జారుతూ పైవైపు స్కీ వెనక కొసను మాత్రం లేపి, ముందు కొసను మంచు మీదే ఉంచడం దీని తర్వాతి మెట్టు. వెనక్కి వాలినవాడికి ఇది చేతకాదు.

తప్పు కొన్నిసార్లు మనిషిది కాదు, బూటుది. అద్దె దుకాణంలో 'బిగుతుగా ఉంది' అనగానే ఒక సైజు పెద్దది చేతిలో పెడతారు. లోపల పాదం కదులుతుంటే కాలు చెప్పింది స్కీకి చేరదు. లోపలి మెత్తటి తొడుగు తీసేసి, ఉత్త పెంకులో పాదం పెట్టి, బొటనవేలు ముందుకు ఆనించి చూడాలి. మడమ వెనక రెండు సెంటీమీటర్ల లోపే ఖాళీ ఉండాలి. చలికి భయపడి రెండు జతల మేజోళ్లు వేసుకోవద్దు, పల్చటిది ఒక్కటి చాలు. థర్మల్ ప్యాంటు అంచును బూటులోకి దోపితే సాయంత్రానికి ఎముక మీద పుండు తయారు. బకిల్స్ పెట్టేముందు మడమను నేలకు గట్టిగా తాటించాలి.

ఇక మలుపులు. తిరుమల నుంచి దిగే పాత ఘాట్ రోడ్డు అన్ని మెలికలు తిరుగుతూ ఎందుకు వస్తుందో స్కీయింగూ అందుకే వంకర్లు తిరుగుతుంది. వాలు నిట్టనిలువుగా ఉన్నా దారిని సాగదీస్తే వేగం తగ్గుతుంది. కొత్తవాళ్లు వేగాన్ని బ్రేకుతో ఆపాలనుకుంటారు. మొదట నేర్పే పద్ధతిలో ముందు కొసలు దగ్గరగా, వెనక కొసలు దూరంగా, పూరింటి కప్పు ఆకారంలో స్కీలు పెట్టి వాటి లోపలి అంచుల్ని మంచులోకి నొక్కుతారు. తక్కువ వాలు మీద దీంతో బాగానే ఆగవచ్చు. వాలు పెరిగితే ఎంత నొక్కినా ఆగదు, తొడలు మాత్రం అయిపోతాయి. వేగాన్ని తగ్గించాల్సింది మలుపు ఆకారం. స్కీలు వాలుకు పూర్తిగా అడ్డం వచ్చేదాకా తిప్పి, అప్పుడు తర్వాతి మలుపు అందుకోవాలి. సగంలోనే వదిలేసి వెనక కొసల్ని విసిరి ఇటు తిప్పేవాళ్లకు ప్రతి మలుపులోనూ వేగం కలుస్తూ పోతుంది.

ఎడమకు తిరగాలంటే కుడి స్కీ మీద నిలబడాలి, కుడికైతే ఎడమ స్కీ మీద. చెప్పినంత తేలిక కాదు. ఘాట్ మలుపులో బైకును లోపలికి వాల్చడం అలవాటైన ఒళ్లు ఇక్కడా లోపలికే వాలుతుంది. బరువు లోపలి స్కీ మీద పడుతుంది, బయటి స్కీ కిందనుంచి జారిపోతుంది, మనిషి పక్కకు కూలబడతాడు. భుజాలతో తిప్పడం దీనికి తోబుట్టువు. చేతికర్రలు (పోల్స్) రెంటినీ అడ్డంగా, హారతి పళ్లెం పట్టుకున్నట్టు ముందు పట్టుకుని నాలుగైదు మలుపులు తిరగమంటారు. పళ్లెం లోయ వైపే చూస్తూ ఉండాలి, తిరగాల్సింది నడుము కిందిది. మలుపు మలుపుకూ పళ్లెం చెట్ల వైపు తిరిగిపోతుంటే తప్పెక్కడుందో చెప్పనక్కర్లేదు.

కోర్సుల్లో చాలామంది విసుక్కునే పాఠం పక్కకు జారడం. వాలుకు అడ్డంగా నిలబడి, పైఅంచుల మీద ఉన్న స్కీలను చీలమండలతో కొద్దిగా చదును చేస్తే అవి పక్కగా జారతాయి, మళ్లీ అంచును మంచులోకి నొక్కితే ఆగుతాయి. చూడ్డానికి చప్పగా ఉంటుంది, ఫొటోలకు పనికిరాదు. కానీ తన స్థాయికి మించిన వాలు నెత్తికొచ్చినప్పుడు పడకుండా కిందికి దింపేది ఇదే. నేర్పకపోతే అడిగి మరీ నేర్పించుకోవాలి.

పాఠం తీసుకోవడంలోనూ పద్ధతి ఉంది. గుంపులో ఆరుగురు, ఎనిమిది మంది మించితే ఒక్కొక్కరి వంతు వచ్చేసరికి కాళ్లు గడ్డకడతాయి. ఇన్‌స్ట్రక్టర్ ఒకేసారి అయిదు తప్పులు చెబితే ఒక్కటీ దిద్దుకోలేం, 'ఈరోజుకు ఒకటే చెప్పండి' అని అడగాలి. ఆయన గీసిన గాడిలోనే, కాస్త ఎడంగా వెనక జారడం వంద మాటల పెట్టు. హిందీ రాకపోయినా ఇబ్బంది ఉండదు, కళ్లుంటే చాలు. పాఠం అయ్యాక రెండు గంటలు సొంతంగా తిరగాలి, పాఠం జరిగిన వాలు కంటే ఒక మెట్టు తేలికైన చోట. ఆరు మలుపుల వీడియో కింది నుంచి ఎవరితోనైనా తీయించుకుంటే, చేస్తున్నామనుకున్నదీ నిజంగా చేస్తున్నదీ ఎంత వేరో తెలిసిపోతుంది.

బూటును స్కీకి పట్టి ఉంచి, పడినప్పుడు వదిలించే బైండింగ్ గురించి ఒక మాట. బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, నేర్పు, ఇవన్నీ చూసి దాన్ని అమరుస్తారు. బరువు తగ్గించి, నేర్పు పెంచి చెప్పే గొప్పలు ఇక్కడ పనికిరావు. నేర్పు ఎక్కువ రాయిస్తే పడినప్పుడు అది ఊడదు, మెలిపడేది మోకాలు. స్క్రూ డ్రైవరుతో సొంత మరమ్మతు అసలే వద్దు. వెనక్కి కూలబడుతూ, జారుతూనే లేవబోవడంలో మోకాలి లోపలి స్నాయువు తెగుతుంది. పడ్డాక పూర్తిగా ఆగేదాకా లేవకూడదు. పోల్ పిడి చేతిలో ఉండగా పడితే బొటనవేలి కీలు దెబ్బతింటుంది, కాబట్టి పడేటప్పుడు పోల్స్ వదిలేయాలి.

తిరుపతి రెండు వందల మీటర్ల ఎత్తయినా లేదు, గుల్మార్గ్ 2,650 మీటర్లు. మొదటిరోజు విశ్రాంతి తీసుకోవాలి. అక్కడి గొండోలా (కేబుల్ కారు) రెండో దశ సుమారు 3,950 మీటర్లకు చేరుస్తుంది. అక్కడి వాలు ఆరితేరిన వాళ్లది, చూసి రావడానికే తప్ప కొత్తవాళ్లు స్కీలు తగిలించుకుని దిగడానికి కాదు. బయల్దేరే ముందు నెలన్నర రోజులు మెట్లు ఎక్కడం కంటే దిగడం మీద దృష్టి పెట్టాలి. తొడ కండరానికి మంచు మీద పడే శ్రమ దిగేటప్పుడు పడే శ్రమలాంటిదే. ఇంట్లో గోడకుర్చీ కూడా వేయవచ్చు, మంచు మీద మాత్రం వేయకూడదు.

ఔలి, గుల్మార్గ్, మనాలి కోర్సుల దరఖాస్తుల తేదీలు, ఫీజులు, వయసు నిబంధనలను అక్టోబరులోనే తిరుపతి, చిత్తూరు పేజీల్లో వేయవలసిందిగా మనవి. జనవరిలో వేస్తే అప్పటికి సీట్లు ఉండకపోవచ్చు.

ఇట్లు,
ఒక పాఠకుడు, తిరుపతి