వర్చువల్ టూర్ కూడా ప్రకటనే, దానికీ జవాబుదారీ ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

గత వారం మీ రియల్ ఎస్టేట్ పేజీలో వర్చువల్ టూర్ల గురించి వచ్చిన వ్యాసం చదివాను. ఫోన్‌లోనే ఇల్లంతా తిరిగి చూడొచ్చు, టైమ్ కలిసొస్తుంది, తిరుగుడు ఖర్చు తప్పుతుంది, ఇక సైట్ దగ్గరికి వెళ్లాల్సిన పనే లేదు అని రాశారు. మొదటి మూడు మాటలూ ఒప్పుకుంటాను. చివరి మాట మాత్రం జనాన్ని నిలువునా ముంచే మాట. రాసినవాళ్లు టూర్‌లో చూసిన ఇంటిని ఒక్కసారైనా స్వయంగా వెళ్లి చూసి ఉంటే అలా రాసేవారు కాదు.

నాకు టెక్నాలజీ మీద కోపం లేదు. దూరదేశంలో ఉన్నవాళ్లకి, మెట్లెక్కలేని పెద్దవాళ్లకి, చంటిపిల్లల తల్లులకి టూర్ చాలా మేలు చేస్తుంది. పెద్ద జాబితాని నాలుగైదు ఇళ్లకి కుదించుకోవాలంటే దాన్ని మించిన సాధనం లేదు. చుట్టూ తిప్పి చూసే ఫొటోల్ని ఆపిల్ కంపెనీ 1990ల్లోనే తెచ్చింది. 2011లో మొదలైన మ్యాటర్‌పోర్ట్ లాంటి కంపెనీలు త్రీడీ కెమెరాలతో వాటిని ఇళ్ల అమ్మకాల్లోకి తెచ్చాయి. 2020లో కరోనా వచ్చి గడప దాటలేని పరిస్థితి వచ్చాక అందరికీ అలవాటైపోయాయి. అప్పుడంటే గత్యంతరం లేదు. ఇప్పుడేమొచ్చింది? అయినా సరే "టూర్ చూశారు కదా, ముందు అడ్వాన్స్ కట్టండి, తాళాలు తర్వాత తెప్పిస్తాం" అనేవాళ్లు తయారయ్యారు.

మా తమ్ముడి విషయంలో జరిగింది అదే. టూర్‌లో వంటగది కిటికీ తెల్లగా మెరిసిపోతోంది, గదంతా వెలుతురు. అడ్వాన్స్ కట్టాక వెళ్లి ఆ కిటికీ తీస్తే చెయ్యి చాచితే తగిలేంత దూరంలో పక్క బిల్డింగ్ గోడ, దాని మీద పైనుంచి కిందిదాకా డ్రైనేజీ పైపు. కెమెరాని లోపలి చీకటికి సరిపడా సెట్ చేస్తే కిటికీ బయటిదంతా తెల్లగా మాసిపోతుంది, అక్కడ గోడ ఉన్నా తోట ఉన్నా ఒక్కలాగే కనిపిస్తుంది. ఇక టూర్‌లో ముందుకు కదలాలంటే నేలమీద కనిపించే గుండ్రటి గుర్తుని నొక్కాలి. వెనక బెడ్‌రూమ్‌లో ఆ గుర్తు గుమ్మం దగ్గరే ఆగిపోయింది. లోపలికి వెళ్లనివ్వలేదు. ఎందుకో వెళ్లాక తెలిసింది. అవతలి మూలంతా చెమ్మ, పెచ్చులూడిన గోడ. అడిగితే ఏజెంట్ "టూర్ కేవలం అవగాహన కోసమే సార్" అన్నాడు. అమ్మేటప్పుడు కళ్లారా చూసినట్టేనన్నారు, నిలదీస్తే అవగాహన కోసమేనంటున్నారు. ఏది నమ్మాలి?

వైడ్ యాంగిల్ లెన్స్ సంగతి ఇంకోటి. దాంతో తీస్తే దగ్గరివి పెద్దగా, దూరంవి మరీ దూరంగా కనిపించి ఇరుకు గది కూడా హాలులా అనిపిస్తుంది. నేలమీది టైల్స్ లెక్కపెట్టి, టైల్ సైజు అడిగి కనుక్కుంటే గది అసలు కొలత బయటపడుతుంది. ఈ చిన్న సలహా అయినా మీ వ్యాసంలో ఉండాల్సింది. టూర్‌లోనే, తెరమీదే, టేపు పెట్టినట్టు గదిని కొలవొచ్చని మీ వ్యాసంలో గొప్పగా రాశారు. ఆ కొలతలో ఒక్క శాతం తేడా వచ్చినా పన్నెండు అడుగుల గోడకి దాదాపు అంగుళంన్నర. బీరువా పట్టడానికీ పట్టకపోవడానికీ ఆ తేడా చాలు.

ఇవన్నీ కట్టిన ఇళ్ల సంగతి. ఇంకా పునాది కూడా పడని ఇళ్లకి చూపించేది కెమెరాతో తీసింది కానే కాదు, కంప్యూటర్‌లో గీసిన బొమ్మ. అందులో పిల్లర్లు గదిలోకి పొడుచుకు రావు, బీములు కిందికి వేలాడవు, మంచం అసలు మంచం కంటే చిన్నదిగా గీసినా అడిగేవాడు లేడు. నిజంగా తీసినదానికీ గీసినదానికీ తేడా తెలిసేలా తెరమీద ఒక్క ముక్క రాయడానికి వీళ్లకి ఏం అడ్డమొచ్చింది? ఎప్పుడు తీశారో తేదీ కూడా ఉండదు. రెండేళ్ల కిందట తీసిన టూర్‌ని ఈరోజు ఇల్లులా చూపిస్తే అది మోసం కాక మరేమిటి?

అమెరికాలోని కాలిఫోర్నియాలో 2026 జనవరి 1 నుంచి ఒక చట్టం అమల్లోకి వచ్చింది. అమ్మే ఇంటి ఫొటోని డిజిటల్‌గా మార్చితే ఏజెంట్ ఆ మాట చెప్పి తీరాలి, మార్చకముందు ఫొటో కూడా జనం చూడగలిగేలా ఉంచాలి. సామాను పెట్టినట్టు చూపించినా, గోడ రంగు మార్చినా, కిటికీలోంచి కనిపించే దృశ్యం మార్చినా ఇదే రూలు. చూశారా, కిటికీ సంగతి కూడా వదల్లేదు. చెయ్యాలనుకుంటే చెయ్యొచ్చు. మిగతా చోట్ల అధికారులు ఏం చేస్తున్నారు? కాగితం మీద అచ్చయిన బ్రోషర్‌కి లెక్క అడుగుతారు, టూర్ లింకు గురించి అడిగితే "అది మా పరిధి కాదు" అంటారు. మోసం జరిగాక ఫిర్యాదు ఇవ్వమంటారు. ఇచ్చేసరికి ఆ లింకు తీసేసి ఉంటుంది, సాక్ష్యం పోతుంది. ఫిర్యాదు చేసినవాడు రసీదు చేతిలో పట్టుకుని ఏ ఆఫీసు కిటికీ దగ్గర నిలబడాలో తెలియక తిరగాలి. ఏ శాఖని చూసినా ఇదే వరస. కొత్త పద్ధతి వచ్చి జనం నష్టపోయిన చాలా కాలానికి గానీ వీళ్ల ఫైలు కదలదు.

మీ పత్రిక మీద గౌరవంతోనే ఈ మాట కూడా అంటున్నాను. ఒకప్పుడు ఇల్లు కొనడం గురించి పత్రికల్లో రాస్తే నీళ్లు ఏ టైమ్‌లో వస్తాయో అడగండి, వానాకాలంలో ఒకసారి వెళ్లి చూడండి, పక్కింటివాళ్లతో మాట్లాడండి అని రాసేవారు. ఇప్పుడు వ్యాసం పక్కనే అదే వ్యాపారం చేసేవాళ్ల ప్రకటన ఉంటోంది, వ్యాసంలో భాష కూడా ప్రకటనలాగే ఉంటోంది. వాసన, చప్పుడు, కుళాయిలో నీటి ధార, ఫోన్ సిగ్నల్, సాయంత్రం ఎండ ఏ గోడ మీద పడుతుందో, ఇవేవీ టూర్‌లో రావని ఒక్క వాక్యం రాయడానికి చోటు దొరకలేదా?

అధికారుల్ని కోరేది ఇది. టూర్‌ని కూడా ప్రకటన కిందే లెక్కకట్టండి. తీసిన తేదీ, గీసిందో తీసిందో, ఏ గదులు చూపించలేదో టూర్ మొదట్లోనే కనిపించాలి. అమ్మకం పూర్తయ్యేదాకా ఆ టూర్‌ని తీసేయకూడదు. ఇల్లు చూపించకుండా అడ్వాన్స్ తీసుకుంటే, కొనేవాడు వచ్చి చూసి వద్దంటే మొత్తం తిరిగివ్వాలి. ఇక మీరు, దయచేసి ఈ విషయం మీద రెండో వ్యాసం వేయండి. దాన్ని రాసేవాళ్లని ముందు ఒక ఇంటి టూర్ చూసి, తర్వాత ఆ ఇంటికి వెళ్లి, చూసిన తేడాలన్నీ రాయమనండి.

ఇట్లు,
మీ పత్రిక పాఠకుడు