ఆరా, పన్నెండా అని అడిగారుగా

ఫ్రేమింగ్‌హామ్, మసాచుసెట్స్
డిసెంబరు మొదటి వారం, ఆదివారం రాత్రి

నాన్నగారికి,

నమస్కారం. పొద్దున ఫోన్‌లో మీరు నవ్వుతూ అన్న మాట ఇంకా చెవిలోనే ఉంది. "అన్ని కంప్యూటర్లు పెట్టుకుని, ఎల్లుండి పడే మంచు ఆరంగుళాలో పన్నెండంగుళాలో తేల్చలేకపోతున్నారా? ఆ మాత్రం నేనూ చెబుతా. వానే పడుతుంది, రాసుకో" అన్నారు. బాబు ఏడవడంతో ఫోన్ పెట్టేశాను. అయినా ఇది ఫోన్‌లో తేలే సంగతి కాదు, అందుకే రాస్తున్నా. అమ్మకి కూడా చదివి వినిపించండి. మంచు తుఫాను అనే మాట వింటే చాలు, ఆవిడ టెన్షన్ పెట్టుకుంటుంది.

మీకు తెలిసిన దగ్గర్నుంచే మొదలుపెడతా. బంగాళాఖాతంలో తుఫాను అనగానే మనం అడిగేది ఒకటే, ఎక్కడ తీరం దాటుతుంది అని. ఇక్కడి తుఫాను చాలాసార్లు తీరం దాటదు. కరొలీనా, వర్జీనియాల దగ్గర సముద్రం మీద బలం పుంజుకుని, తీరాన్ని ఒరుసుకుంటూ ఈశాన్యంగా పైకి పోతుంది. మాకు గాలి ఈశాన్యం నుంచి కొడుతుంది కాబట్టి దీన్ని నార్ఈస్టర్ అంటారు. మన తుఫానుకి మేత సముద్రపు వేడి. దీనికి మేత వేడికీ చలికీ మధ్య ఉన్న తేడా. ఒక పక్క కెనడా నుంచి దిగే చలిగాలి, ఇంకో పక్క గల్ఫ్ స్ట్రీమ్ అనే వెచ్చటి సముద్ర ప్రవాహం మీంచి వచ్చే వెచ్చటి గాలి, ఆ రెండూ ఒరుసుకునే చోట ఇది పెరుగుతుంది.

కాబట్టి ఇక్కడ అడగాల్సింది, తీరానికి ఎంత దూరంలో పోతుంది అని. ఫోర్‌కాస్టర్లకి సముద్రంలో ఒక గుర్తు ఉంది. నాంటకెట్ అనే దీవికి దక్షిణంగా, 40 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 70 డిగ్రీల పశ్చిమ రేఖాంశం కలిసే చోటు. దాన్ని బెంచ్‌మార్క్ అంటారు. తుఫాను కేంద్రం దాని మీదుగా పోతే బాస్టన్ చుట్టుపక్కల బాగా మంచు పడే అవకాశం. లోపలికి జరిగితే సముద్రపు వెచ్చదనం మా మీదికి వచ్చి వాన. బయటికి జరిగితే ఆ మంచంతా చేపల మీద పడిపోతుంది, మాకు మబ్బులే మిగులుతాయి. యాభై మైళ్లు అటూ ఇటూ అయితే చాలు, కథ మారిపోతుంది. వెయ్యి మైళ్ల దూరం నుంచి వచ్చేదానికి యాభై మైళ్లు ఒక లెక్కా చెప్పండి?

అదే పెద్ద లెక్క అని 2015 జనవరి 26, 27 తేదీల్లో న్యూయార్క్‌కి తెలిసొచ్చింది. రెండడుగులు పడొచ్చన్నారు. మంచు కారణంగా సబ్‌వే రైళ్లను ఆపేశారు, ఆ నగర చరిత్రలో అదే మొదటిసారి. తీరా సెంట్రల్ పార్క్‌లో పడింది 9.8 అంగుళాలు. తుఫాను కాస్త తూర్పుకి జరిగింది, అంతే. న్యూజెర్సీ వైపు చూసే ఒక సీనియర్ ఫోర్‌కాస్టర్ ట్విట్టర్‌లో అందరికీ క్షమాపణ చెప్పుకున్నారు పాపం. కానీ అదే తుఫానుకి ఇక్కడ వూస్టర్‌లో 34.5 అంగుళాలు పడింది. ఒకే తుఫాను, ఒకే ఫోర్‌కాస్టు. అక్కడివాళ్లు తిట్టిపోశారు, ఇక్కడివాళ్లు పారలు విరిగేదాకా తవ్వుకున్నారు.

ఇక మా ఊరి సంగతి. బాస్టన్ సముద్రం ఒడ్డున ఉంది. మేము దానికి ఇరవై మైళ్లు పడమటగా ఉన్నాం. ఇంకో ఇరవై మైళ్లు పోతే వూస్టర్, అది కొండల మీద ఊరు, అక్కడి విమానాశ్రయం వెయ్యి అడుగుల ఎత్తులో ఉంటుంది. ఇప్పుడు డిసెంబరు మొదలే కదా, బాస్టన్ దగ్గర సముద్రపు నీళ్లు ఇంకా ఎనిమిది తొమ్మిది డిగ్రీల దగ్గరే ఉన్నాయి. తూర్పుగాలి ఆ నీళ్ల మీదుగా వచ్చిందంటే ఒడ్డున వానే. వూస్టర్‌లో మంచే. మధ్యలో ఎక్కడో వాన ఆగి మంచు మొదలయ్యే గీత ఒకటి పడుతుంది. ఆ గీత చాలాసార్లు వచ్చి కూర్చునేది మా నెత్తి మీదే. 95, 495 అని రెండు హైవేలు బాస్టన్ చుట్టూ అర్ధచంద్రాకారంలో ఉంటాయి, ఆ రెంటి మధ్య ఉంటాం. టీవీలో మ్యాప్ చూపించేటప్పుడు రంగు మారేది సరిగ్గా మా ఇంటి దగ్గర.

ఇవాళ్టి మ్యాప్‌లో బాస్టన్‌కి రెండు నుంచి నాలుగు, వూస్టర్‌కి పది నుంచి పద్నాలుగు, మాకు ఆరు నుంచి పన్నెండు ఉంది. మీరు నవ్విన అంకె అదే.

అది ఎలా వచ్చిందో చెబుతా వినండి. తుఫాను మోసుకొచ్చే నీళ్లు మా ఊరికి సుమారు ఒక అంగుళం అనుకోండి. అది వానగా పడితే ఒక అంగుళం వాన, నేల మీద మంచు సున్నా. సున్నా డిగ్రీల దగ్గర తడితడిగా మంచు పడితే అదే నీళ్లకి అయిదారు అంగుళాలు. మామూలుగా ఒకటికి పది అని లెక్క. బాగా చలిగా ఉండి పొడిగా, దూదిలా పడితే పదిహేను కూడా అవుతుంది. నీళ్లు అవే నాన్నగారూ! కొద్ది డిగ్రీల తేడాతో సున్నా నుంచి పదిహేను దాకా పోతుంది. పైగా నేల దగ్గర చలి ఉంటే సరిపోదు. ఒకటిన్నర కిలోమీటర్ల ఎత్తులో వెచ్చటి గాలి పొర ఒకటి దూరిందంటే మంచు అక్కడే కరిగిపోతుంది. కిందికి వచ్చేలోపు మళ్లీ గడ్డకడితే బియ్యపు నూకల్లా టపటపా అద్దాల మీద రాలుతుంది. గడ్డకట్టకుండా నీళ్లుగానే వచ్చి, కింద సున్నాకి తక్కువ ఉన్న కొమ్మల మీద, తీగల మీద పడి అక్కడ గడ్డకట్టిందంటే, అన్నిట్లోకీ చెడ్డది అదే. కరెంటు పోయేది దానివల్లే. పన్నెండంగుళాల మంచు కంటే పావంగుళం ఆ గాజు పూతకే నేను భయపడతా.

దీన్ని లెక్కకట్టే కంప్యూటర్ మోడల్స్‌లో అమెరికా వాళ్లది ఒకటి, యూరప్ వాళ్లది ఒకటి. ఇక్కడి వాతావరణ పిచ్చివాళ్లు వాటికి క్రికెట్ టీముల్లా అభిమానులు. యూరప్ వాళ్లు ఒకే తుఫానుని మొదట్లో చిన్న చిన్న తేడాలు పెట్టి 51 సార్లు వేసి చూస్తారు. ఆ యాభై ఒక్కటీ ఒకే దారిలో పోతే నమ్మకం. నిన్నటిదాకా అవి కోళ్లు బెదిరినట్టు తలో దిక్కూ పోయాయి. ఇవాళ సాయంత్రానికి చాలావరకు బెంచ్‌మార్క్‌కి కాస్త లోపలగా పోగయ్యాయి. లోపలగా అంటే మీరు చెప్పిన వానకి కొంచెం బలం వచ్చినట్టే, ఒప్పుకుంటా.

మీకో తమాషా. ఆకాశంలోకి బెలూన్లు వదిలి పైన చలి, తేమ, గాలి కొలుస్తారు కదా, అది ప్రపంచమంతా ఇంచుమించు ఒకే వేళకి చేస్తారు. ఇక్కడ రాత్రి ఏడు, అక్కడ మీరు కాఫీ పెట్టించుకునే తెల్లవారుజాము అయిదున్నర. మనవాళ్లు వదిలే బెలూన్ లెక్క, వీళ్లు వదిలేదాని లెక్క, రెండూ ఇదే మోడల్‌లోకి పోతాయి. అమెరికన్ మోడల్ రాత్రి పదిన్నరకి బయటికి రావడం మొదలవుతుంది. దానికోసమే కూర్చుని, ఈలోగా ఈ ఉత్తరం రాస్తున్నా. ఆయన నన్ను చూసి నవ్వుకుని పడుకున్నారు.

ఈ పిచ్చి నాకెలా పట్టిందంటే, పోయిన ఫిబ్రవరిలో ఒకరోజు ఫోన్‌లో యాప్ రెండంగుళాలు అంది. సరేలే అని ఆఫీసుకి వెళ్లా. మూడింటికి కిటికీలోంచి చూస్తే పార్కింగ్‌లో ఏ కారు ఎవరిదో గుర్తుపట్టడానికి లేదు. పన్నెండు మైళ్లు ఇల్లు చేరడానికి నాలుగు గంటలు పట్టింది. మీకు ఆ రోజు చెప్పలేదు. పక్క ఊళ్లో స్నేహితురాలికి పడింది మూడంగుళాలే. దీన్ని బ్యాండ్ అంటారు. తుఫానులో సన్నటి పట్టీలాంటి మబ్బు, దాని కింద ఉన్నవాళ్లకి గంటకి రెండు మూడు అంగుళాలు కుమ్మరిస్తుంది, పక్కనున్నవాళ్లకి జల్లే. ఆ రాత్రి కోపంగా వాతావరణ శాఖ వాళ్ల ఫోర్‌కాస్ట్ డిస్కషన్, అంటే అంకెల వెనక వాళ్ల ఆలోచన రాసే నోటు, తీసి చదివితే, తెల్లవారుజామునే రాసిపెట్టారు, బ్యాండ్ ఒకటి కట్టొచ్చు, ఎక్కడన్నది ఇప్పుడే చెప్పలేం అని. యాప్ ఆ వాక్యాన్ని మింగేసి నాకు "రెండు" మాత్రం చూపించింది.

అప్పట్నుంచి డిస్కషనే చదువుతున్నా. మాకు రాసేది నార్టన్ అనే ఊళ్లోని ఆఫీసు. 2016 దాకా ఇవన్నీ ఇంగ్లీషు పెద్దక్షరాల్లోనే ఉండేవి, టెలిప్రింటర్ కాలం అలవాటు. మీ కాలం టెలిగ్రాముల్లా, చదువుతుంటే ఎవరో అరుస్తున్నట్టు ఉండేదట. ఇప్పుడు మామూలుగానే రాస్తున్నారు. ఎంత నమ్మకమో, ఎందుకు అనుమానమో దాపరికం లేకుండా రాస్తారు. ఇవాళ మాకు ఇచ్చింది వాచ్. అంటే రావొచ్చు, కనిపెట్టుకుని ఉండండి అని. ఖాయం అనుకున్నాక వార్నింగ్ ఇస్తారు. మన రేవుల్లో ఎగరేసే ప్రమాద సూచికల్లాగే అనుకోండి, ఒక్కో మెట్టూ ఎక్కిస్తారు.

పక్కింటి పెద్దాయన మాత్రం అంగుళాలు పట్టించుకోడు, ఎన్నింటికి మొదలవుతుందని అడుగుతాడు. 1978 ఫిబ్రవరి 6న తెల్లవారేసరికి మంచు మొదలవుతుందన్నారట. తెల్లారినా ఒక్క పలుకు రాలలేదు. ఇంకేముంది, వీళ్ల మాటలు ఎప్పుడూ ఇంతే అని జనం పనులకి వెళ్లిపోయారు. పొద్దెక్కాక మొదలైంది, ఆగలేదు. బాస్టన్‌లో 27.1 అంగుళాలు. 128 అనే రోడ్డు మీద వేల బండ్లు ఎక్కడివక్కడ కూరుకుపోయాయి. ఫోర్‌కాస్టు తప్పలేదు, కొన్ని గంటలు ఆలస్యమైంది. ఆ కొన్ని గంటల గురించి ఆయన ఇప్పటికీ చెబుతూనే ఉంటాడు.

అమ్మకి చెప్పండి, మా ఇంట్లో అన్నీ ఉన్నాయి. టార్చిలైట్లు, బాబుకి పాలు, ఫోన్లకి చార్జింగ్. సాయంత్రం ఉప్పునీళ్ల ట్యాంకరు వచ్చి రోడ్డు మీద పొడుగ్గా తెల్లటి చారలు గీసి వెళ్లింది, మంచు తారుకి అంటుకోకుండా. బాబు వాటి మీద గెంతుతూ ఇల్లు చేరాడు. పెరట్లో తెల్లరంగు వేసిన చెక్కపలక ఒకటి పెట్టా. మంచు కొలవడానికి గడ్డి మీద కాకుండా ఇలాంటి పలక మీద కొలవాలి.

పదిన్నర అయింది. మోడల్ వస్తోంది, ఉంటా.

మీ
చిన్నమ్మాయి

తా.క. బుధవారం పొద్దున. ఉత్తరం పోస్టు చెయ్యకుండానే తుఫాను వచ్చి పోయింది. వాన సాయంత్రం ఎనిమిదికి మంచుగా మారుతుందనుకున్నా, పదకొండు దాటింది. పలక మీద నాలుగున్నర అంగుళాలు, కింద పల్చటి గాజుపొర, పైన ముద్దముద్దగా తడి మంచు. ఒక్కో పార ఎత్తితే నడుం పట్టేసింది. వూస్టర్‌లో ఉండే మా ఆఫీసు అమ్మాయి ఫొటో పంపింది, ఆమె కారు అద్దాలదాకా మునిగింది. మాకు కరెంటు పోలేదు. ఆరూ కాదు, పన్నెండూ కాదు. ఎక్కువసేపు పడింది మీ వానే.