లైట్లు ఆలస్యమైతే ఆపరేటర్ నిద్రపోయినట్టేనా?

సంపాదకులకు నమస్కారం.

మొన్న దసరాకు కడపలో జరిగిన నృత్యరూపకం గురించి మీ జిల్లా పేజీలో వార్త చదివాను. పిల్లలు చక్కగా చేశారని, లైటింగ్ వాళ్ల నిర్లక్ష్యం వల్ల చివరి ఘట్టం దెబ్బతిందని రాశారు. మొదటి మాట అక్షరాలా నిజం. రెండోదాని గురించే ఈ ఉత్తరం. ఆ రాత్రి లైటింగ్ కన్సోల్ (లైట్లన్నీ నడిపే బోర్డు) ముందు కూర్చున్నది నేనే.

మహిషాసురుడు కింద పడిన మూడు సెకన్లకు గానీ స్టేజీ ఎర్రబడలేదు. ముందు వరుసలోంచి ఒక పెద్దాయన "ఏంది సామీ, లైట్లు నిద్రపోతాండాయా?" అని గట్టిగానే అన్నాడు. చూసేవాళ్లకు అట్లాగే కనిపిస్తుంది, ఆయన్ను అనేదేముంది! కానీ వార్త రాసేముందు మీ విలేకరి ఒక్కసారి కన్సోల్ దగ్గరికి వచ్చి అడిగి ఉండాల్సింది.

ఇప్పుడు ఇలాంటి రూపకాలు చాలావరకు రికార్డు చేసిన ట్రాక్ మీదే నడుస్తున్నాయి. ఆ ఫైల్లో ఒక చానెల్‌లో పాట, రెండో చానెల్‌లో టైమ్‌కోడ్ ఉంటాయి. టైమ్‌కోడ్ స్పీకర్లకు పోదు, వైరు మీద మా కన్సోల్‌కు వస్తుంది. (పొరపాటున స్పీకర్లకు పోయిందా, ఆ కీచు చప్పుడుకు హాలంతా చెవులు మూసుకోవాల్సిందే.) గంట, నిమిషం, సెకను, ఫ్రేము (సెకనులో చిన్న ముక్క) అంటూ అంకెలు వరసగా వస్తుంటాయి. ఫలానా అంకె రాగానే ఫలానా క్యూ, అంటే లైట్ల మార్పు, పడాలని ముందే పెట్టుకుంటాం.

నాట్యబృందం ఇచ్చిన క్యూ షీటులో ఉన్నవి మామూలు గడియారం నిమిషాలు, సెకన్లు. టైమ్‌కోడ్ సెకనుకు 30 ఫ్రేములదని నాకు నోటిమాటగా చెప్పారు. తీరా స్టూడియోవాళ్లు వేసింది 29.97, అదీ డ్రాప్ ఫ్రేమ్ (గడియారంతో సరిపోయేలా మధ్యమధ్య కొన్ని అంకెలు వదిలేసే పద్ధతి) కాదు. అంటే 30 ఫ్రేములు పూర్తయి కోడ్‌లో ఒక సెకను గడవడానికి అసలు సెకను కంటే వెయ్యో వంతు ఎక్కువ పడుతుంది. నిమిషానికి 0.06 సెకను తేడా. ఎవరికి కనబడుతుంది? అదే 50వ నిమిషానికి మూడు సెకన్లయింది. మహిషుడు పడింది సరిగ్గా అక్కడే.

మరుసటి రోజు ఆ ఫైలు మళ్లీ వేసి చూశాను. 10వ నిమిషంలో 0.6, 20వ నిమిషంలో 1.2 సెకన్లు, అలా లెక్కగా పెరుగుతూ పోయింది. ఆలస్యం మొదటినుంచీ ఒకేలా ఉంటే అది ఆఫ్‌సెట్, కన్సోల్‌లో ఒక అంకె మారిస్తే పోతుంది. వైరు వదులైతే కోడ్ తెగుతుంది, క్యూలు ఎక్కడివక్కడ ఆగుతాయి, దూకుతాయి. ఇలా బుద్ధిగా పెరుగుతోందంటే ఫ్రేమ్ రేటునే అనుమానించాలి.

అసలు ఈ 29.97 మనది కాదు. 1953లో అమెరికావాళ్లు కలర్ టీవీకి మారినప్పుడు రంగు సిగ్నల్ ధ్వనికి అడ్డం రాకుండా 30ని కాస్త తగ్గించుకున్నారు. మన టీవీ మొదటినుంచీ 25 ఫ్రేములదే. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ముందే ఉన్న అంకెను ఎవరూ మార్చకపోతే, అమెరికా టీవీ లెక్కకు కడపలో అమ్మవారు ఆడాల్సి వస్తుంది.

చేత్తో వేయొచ్చు కదా అని కొందరు అడిగారు. పద్యనాటకానికి చేత్తోనే వేస్తాను. అక్కడ హార్మోనియం ఆయన నటుణ్ణి చూస్తాడు, నేనూ చూస్తాను. వన్స్‌మోర్ పడితే ముగ్గురం కలిసి వెనక్కి వెళ్తాం. 1885లో 'కీచక వధ'తో సురభి నాటకాలు పుట్టిన జిల్లా ఇది, ఆ పద్ధతి మాకు కొత్తేం కాదు. ట్రాక్ మాత్రం ఎవరికోసమూ ఆగదు. యుద్ధం ఘట్టంలో మూవింగ్ హెడ్లకు (అటూఇటూ తిరిగే లైట్లకు) సెకనుకు రెండు క్యూలు పడుతుంటే, మధ్యలో టైమ్‌కోడ్ తీసేస్తే ఉన్నది కూడా పోతుంది.

రిహార్సల్‌లో ఎందుకు పట్టుకోలేదంటే, హాలు సాయంత్రం దాకా ఇంకో కార్యక్రమానికి ఇచ్చేశారు. మాకు దొరికింది మొదటి పాట వరకే. అక్కడ తేడా సెకనులో మూడోవంతు, నిదానంగా వెలిగే దీపాల వెలుతురులో అది ఎవరికీ తెలియదు.

స్టూడియోవారికి నా మనవి: టైమ్‌కోడ్ 25లోనే వేయండి, పెన్‌డ్రైవ్ మీద ఆ అంకె రాసివ్వండి. ఫైలును వాట్సాప్‌లో పంపకండి, కుదించిన ఫైల్లో కోడ్ దెబ్బతింటుంది. హాలు నిర్వాహకులు పూర్తి రిహార్సల్‌కు టైము ఇవ్వలేకపోతే కనీసం తలుపు కాస్త ముందు తీయించాలి. ట్రాక్‌ను చివరి ఘట్టానికి జరిపి, ప్లేయర్‌లో చూపించే సమయం, కన్సోల్ మీద అంకె పక్కపక్కన పెట్టి చూస్తే తేడా అక్కడే బయటపడుతుంది. దీనికి డాన్సర్లు కూడా అక్కర్లేదు, సౌండ్ ఆయన, నేను ఉంటే చాలు.

ఇట్లు,
ఒక లైటింగ్ ఆపరేటర్,
ప్రొద్దుటూరు, కడప జిల్లా