మూడో లెగ్ ఈదిన అమ్మాయికి

చి. సాహితికి, అమ్మ ఆశీస్సులు.

నిన్న ఫోన్లో "గెలిచాం అమ్మా" అన్నావు గానీ ఆ గొంతులో గెలిచిన పిల్ల హుషారు లేదు. కాసేపు కదిపితే అసలు సంగతి బయటపడింది. ఈత రిలేలో మూడోదానివిగా నువ్వు నీళ్లలోకి దూకేటప్పటికి మీ టీమ్ ముందుందట. నువ్వు తిరిగొచ్చేటప్పటికి రెండో స్థానానికి జారిందట. చివర ఈదిన అమ్మాయి పుంజుకుని గెలిపించిందట, అందరూ ఆ అమ్మాయినే ఎత్తుకున్నారట. "మెడల్ మెళ్ళో ఉంది గానీ నాది కానట్టుంది" అని ఫోన్ పెట్టేశావు. రాత్రంతా ఆ మాటే నాలో తిరుగుతోంది. ఇది ఫోన్లో నాలుగు ముక్కల్లో తేలే విషయం కాదు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

నీకో రేసు గురించి చెప్పాలి. 2008 బీజింగ్ ఒలింపిక్స్, మగవాళ్ల 4×100 మీటర్ల ఫ్రీస్టైల్ రిలే ఫైనల్. చివరి యాభై మీటర్ల క్లిప్ నువ్వు చూసే ఉంటావు, ఈత నేర్చుకునే పిల్లలందరూ చూస్తారు. నేను చెప్పేది మొత్తం రేసు గురించి.

అది ఆగస్టు 11, సోమవారం. మన దేశంలో ఆ తేదీ అంటే అభినవ్ బింద్రా. ఒలింపిక్స్‌లో మనకు తొలి వ్యక్తిగత స్వర్ణం ఆ రోజే వచ్చింది. పొద్దుట్నుంచీ ఏ ఛానల్ పెట్టినా అతనే, మీ నాన్న ఆఫీసు నుంచి ఫోన్ చేసి మరీ సంబరపడ్డారు. రాత్రి నిన్ను నిద్రపుచ్చి, బింద్రా చివరి షాట్ ఇంకోసారి వేస్తారేమోనని టీవీ పెట్టాను. తెర మీద వాటర్ క్యూబ్ వచ్చింది, నీలం బుడగల గోడలున్న ఆ ఈత స్టేడియం. ఆ రోజు ఫైనల్స్ రికార్డింగ్ వేస్తున్నారు. ఫలితం నాకు తెలియదు. ఎంత అదృష్టమో చూడు.

నీకు తెలుసుగా, గోదావరి గట్టున పుట్టి పెరిగి కూడా నాకు ఈత రాదు. మా ఇంట్లో మగపిల్లలు పుష్కర ఘాట్ దగ్గర దూకి ఈదేవాళ్లు, మేం మెట్ల మీద బట్టలు పట్టుకుని నిలబడేవాళ్లం. అందుకే ఎవరైనా నీళ్లలో వేగంగా కదులుతుంటే కళ్లు తిప్పుకోలేను. ఆ రాత్రి కూడా అలాగే అతుక్కుపోయాను.

రేసుకు ముందు ఫ్రాన్స్ మీదే అందరి నమ్మకం. వాళ్ల చివరి ఈతగాడు అలేన్ బెర్నార్. వంద మీటర్ల ఫ్రీస్టైల్‌లో 47.50 సెకన్ల ప్రపంచ రికార్డు అతనిదే. అమెరికన్లను చిత్తు చేయడానికే వచ్చామని ముందే ప్రకటించాడు. అమెరికా వైపు మైకేల్ ఫెల్ప్స్ ఎనిమిది స్వర్ణాల వేటలో ఉన్నాడు. ఇది రెండోది కావాలి. ముందు రోజు సాయంత్రం హీట్స్‌లో, అంటే ఫైనల్‌కు ముందు జరిగే అర్హత రేసుల్లో, అమెరికా తన రెండో వరస ఈతగాళ్లను దింపితే, వాళ్లే 3 నిమిషాల 12.23 సెకన్లలో ప్రపంచ రికార్డు కొట్టేశారు. ఆ నలుగురిలో బాగా ఈది ఫైనల్లో చోటు సంపాదించుకున్నవాడు కలెన్ జోన్స్. ఈ పేరు గుర్తు పెట్టుకో.

మొదటి లెగ్, అంటే మొదటి వంద మీటర్లు, ఫెల్ప్స్. 47.51లో వచ్చాడు, అది అమెరికన్ రికార్డు. అయినా రెండో స్థానమే! పక్కన ఆస్ట్రేలియా కుర్రాడు ఏమన్ సలివాన్ 47.24లో గోడ తాకాడు. రిలేలో మొదటి లెగ్ టైమ్ మాత్రమే వ్యక్తిగత రికార్డుగా లెక్కకొస్తుందని నీకు తెలుసు కదా, కాబట్టి బెర్నార్ ప్రపంచ రికార్డు అక్కడికక్కడే పోయింది. పాపం అతను తన వంతు కోసం గట్టు మీద నిలబడి ఉన్నాడు.

రెండో లెగ్‌లో గ్యారెట్ వెబర్-గేల్ 47.02 ఈది అమెరికాను ముందుకు తెచ్చాడు. ఇతని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు. సగం రేసు అయ్యేసరికి ఫ్రాన్స్ మీద 0.43 సెకన్ల ఆధిక్యం.

ఇక మూడో లెగ్. అమెరికా తరఫున జోన్స్, ఫ్రాన్స్ తరఫున ఫ్రెడెరిక్ బుస్కే. బుస్కే ఆ రోజు 46.63 ఈదాడు. అప్పటిదాకా రిలేలో అంత వేగంగా వంద మీటర్లు ఈదినవాడు లోకంలో లేడు. జోన్స్‌ది 47.65. మన లెక్కల భాషలో చెప్పాలంటే ఉన్న 0.43 ఆధిక్యం పోయి, 0.59 లోటు మిగిలింది. నువ్వు నీళ్లలోంచి పైకొచ్చి స్కోర్‌బోర్డు చూసి ఎలా అయిపోయావో, అతనికీ అలాగే ఉండి ఉంటుంది. అతనికైతే లోకమంతా చూస్తోంది.

అప్పుడు దూకాడు జేసన్ లెజాక్. 32 ఏళ్లు, అమెరికా మగ ఈతగాళ్ల జట్టులో అందరికన్నా పెద్దవాడు. కోచ్ లేకుండా తన ట్రైనింగ్ తనే చూసుకునేవాడు. ముందు పోతున్నది బెర్నార్. యాభై మీటర్ల మలుపు దగ్గర తేడా తగ్గడం మానేసి ఇంకా పెరిగింది, 0.82 సెకన్లు అయింది. తెర మీద చూస్తే దాదాపు మనిషి నిలువు పొడవు. అమెరికన్ టీవీ వ్యాఖ్యాతలే ఇక రెండో స్థానం నిలుపుకుంటే చాలన్నట్టు మాట్లాడారు. మలుపులో బెర్నార్ ఎంత ముందున్నాడో చూసి ఇక లాభం లేదనుకున్నానని, మరుక్షణమే ఆ ఆలోచన తోసేశానని లెజాక్ తర్వాత చెప్పాడు. నేనూ కుర్చీలో వెనక్కి వాలిపోయాను. ఫెల్ప్స్ ఎనిమిది స్వర్ణాల కథ ఇక్కడితో అయిపోయిందనుకున్నాను.

మిగిలిన ముప్పై మీటర్లలో ఏదో మారింది. మొదట నమ్మలేదు, కెమెరా కోణం వల్ల అలా కనిపిస్తోందేమో అనుకున్నాను. లెజాక్ తల బెర్నార్ తొడల దగ్గరుంది, తర్వాత నడుం దగ్గరికొచ్చింది. ఇరవై మీటర్లలో భుజం దాకా వచ్చేశాడు. నేను లేచి నిలబడ్డాను. నువ్వు పక్క గదిలో పడుకున్నావు, అరవకూడదు, కాళ్లేమో నిలవడం లేదు. చీర కొంగు నోట్లో కుక్కుకుని "పట్టు, పట్టు, పట్టు" అంటున్నాను. ఎవరి తరఫున అంటున్నానో, ఎందుకంటున్నానో, ఆ మనిషి పేరేంటో కూడా నాకప్పటికి తెలియదు. చివరి ఐదు మీటర్లలో ఇద్దరి చేతులూ ఒకేసారి లేస్తున్నట్టున్నాయి. ఇద్దరూ గోడ మీద పడ్డారు. ఎవరు ముందో మామూలు కంటికి తెలిసే అవకాశమే లేదు.

బోర్డు మీద అమెరికా 3:08.24. ఫ్రాన్స్ 3:08.32.

సెకనులో వందకు ఎనిమిది వంతులు! గట్టు మీద ఫెల్ప్స్ చేతులు బిగించి, మెడ నరాలు తేలి, నోరంతా తెరిచి గర్జిస్తున్నాడు. పక్కన వెబర్-గేల్ కూడా అంతే. నీళ్లలో బెర్నార్ గోడ పట్టుకుని చాలాసేపు అలాగే ఉండిపోయాడు. నాకు సంతోషమో దుఃఖమో తెలియకుండా కన్నీళ్లొచ్చాయి. నువ్వు నిద్రలేచి ఏడ్చావు, నిన్నెత్తుకుని ఆ రీప్లే మళ్లీ చూశాను.

ఆ తర్వాత ఆ రేసు ఎప్పుడు ఎక్కడ కనిపించినా చూస్తూనే ఉన్నాను. లెక్కల టీచర్ని కదా, అదెలా సాధ్యమైందో తేల్చుకోకుండా ఊరుకోలేను. బెర్నార్ మొదటి యాభైని 21.27లో ఈదేశాడు, అది మరీ ఎక్కువ వేగం. దాని బాకీ తిరుగు ప్రయాణంలో తీర్చాల్సి వచ్చింది, రెండో యాభైకి 25.46 పట్టింది. లెజాక్ వెళ్లేటప్పుడు 21.50, వచ్చేటప్పుడు 24.56. రెండో యాభైలోనే 0.90 సెకన్లు రాబట్టాడన్నమాట. దానికి తోడు బెర్నార్ తన లేన్ మధ్యలో కాకుండా లెజాక్ వైపు తాడుకు దగ్గరగా ఈదాడు. లెజాక్ కూడా అటువైపే జరిగి అతని అల వెనకే వచ్చాడు. లారీ వెనక సైకిల్ తొక్కేవాడికి ఎదురుగాలి తగలదు చూడు, అదీ అలాంటిదే. ఆ అలసటలో కూడా అది గమనించి వాడుకోవడం నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపిస్తుంది. మొత్తం 46.06. బుస్కే కాసేపటి క్రితం నెలకొల్పిన వేగం రెండు నిమిషాలు కూడా నిలవలేదు. లెజాక్ అంకె మాత్రం 2024 పారిస్ దాకా నిలిచింది. అక్కడ మెడ్లీ రిలేలో, అంటే నలుగురూ నాలుగు రకాల ఈతలు ఈదే రిలేలో, చైనా కుర్రాడు పాన్ ఝాన్లే 45.92 ఈది మూడో స్థానంలో ఉన్న తన జట్టును గెలిపించాడు. అది మనిద్దరం కలిసి చూశాం, సోఫా మీదెక్కి నువ్వు గెంతులేశావు.

ఆ ఏడాది ఈతగాళ్లు వేసుకున్న హైటెక్ సూట్ల వల్లే ఆ రికార్డులన్నీ అని కొందరంటారు. నిజం ఉంది, 2010 నుంచి వాటిని నిషేధించారు కూడా. ఫైనల్లో మొదటి ఐదు జట్లూ ముందు రోజు ప్రపంచ రికార్డు కన్నా వేగంగా ఈదాయి. కానీ 0.82 వెనకబడ్డవాడు పట్టుకుని దాటిపోవడం సూట్‌తో వచ్చేది కాదు.

ఇప్పుడు నీ సంగతికొస్తాను. జోన్స్ 47.65 ఈదాడన్నాను కదా. నలుగురు అమెరికన్లలో అదే అన్నిటికన్నా నెమ్మది. ఇంకొక్క పదో వంతు సెకను ఆలస్యమైతే ఏమయ్యేదో కూడి చూడు. మొత్తం 3:08.34, స్వర్ణం ఫ్రాన్స్‌ది. లెజాక్ అదే 46.06 ఈదినా సరే! ఆ ఈత గురించి ఇవాళ మనం చెప్పుకునేవాళ్లమే కాదు. చరిత్రలోకెల్లా వేగంగా పోతున్న మనిషి పక్కన తన ఈత తాను ఈదుకుంటూ, ఆ లోటు 0.59 దాటనివ్వకుండా ఆపింది జోన్స్. మీ రేసులో కూడా పక్క లేన్ అమ్మాయి వాళ్ల టీమ్‌లోకెల్లా వేగమైనదని నువ్వే చెప్పావు. నీ టైమ్ నీ పాత టైమ్ కన్నా బాగుందని కూడా నువ్వే చెప్పావు. ఆ మాట మాత్రం గబుక్కున చెప్పి దాటేశావు.

జోన్స్ గురించి ఇంకోటి. అతను ఐదేళ్ల వయసులో ఒక వాటర్ పార్కులో నీట మునిగి చావు తప్పి బయటపడ్డాడు. వాళ్లమ్మ భయపడి నీళ్లకు దూరంగా పెట్టలేదు, వెంటనే ఈతలో చేర్పించింది. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి ఆవిడంటే నాకు చాలా గౌరవం. నిన్ను మొదటిసారి పూల్‌కి తీసుకెళ్లినప్పుడు మీ నాన్నమ్మ "ఆడపిల్లకి ఎందుకే" అంటే నేను మాట్లాడకుండా నీ చెయ్యి పట్టుకుని బయటికొచ్చేశాను. అప్పుడు జోన్స్ వాళ్లమ్మే గుర్తొచ్చింది.

అసలు మాట ఇప్పుడు చెబుతున్నాను. 2000 సిడ్నీలో ఇదే రిలేని అమెరికా మొదటిసారి ఓడిపోయింది. 1964 నుంచి పెట్టిన ప్రతిసారీ గెలిచిన రేసు అది. చివరి లెగ్‌లో ఆస్ట్రేలియా ఈతగాడు ఇయాన్ థోర్ప్ వెనక నుంచి వచ్చి అమెరికా ఈతగాడు గ్యారీ హాల్‌ని దాటేశాడు. ఆ ఓడిన జట్టులో మూడో లెగ్ ఈదింది ఎవరో తెలుసా? లెజాక్. నాలుగేళ్ల తర్వాత ఏథెన్స్‌లో చివరి లెగ్ ఈదాడు, కాంస్యంతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. అక్కడే వంద మీటర్ల వ్యక్తిగత రేసులో హీట్స్ కూడా దాటలేదు. బీజింగ్‌లో అతను దూకినప్పుడు ఇదంతా వీపు మీద ఉంది.

బెర్నార్‌ని కూడా తక్కువ చేసి చూడకు. ఆ ఓటమి తర్వాత మూడు రోజులకే, అదే కొలనులో, 47.21తో వంద మీటర్ల స్వర్ణం గెలిచాడు. లెజాక్ ఆ రేసులో బ్రెజిల్ ఈతగాడు సీజర్ సీయెలోతో కలిసి కాంస్యం పంచుకున్నాడు. 2012 లండన్‌లో ఫ్రాన్స్ బాకీ తీర్చుకుంది. చివరి లెగ్‌లో వాళ్ల యానిక్ అన్యెల్ అమెరికా ఈతగాడు ర్యాన్ లోక్టీని వెనక నుంచి పట్టేశాడు. ఫ్రాన్స్ తరఫున హీట్స్ ఈదినవాళ్లలో బెర్నార్ ఉన్నాడు, అతనికీ స్వర్ణం దక్కింది. ఆ వార్త చదివినప్పుడు నాకెందుకో మనసు నిండిపోయింది.

నువ్వో పని చెయ్యి. ఈ ఆదివారం ఆ రేసు మొదటి నుంచి పెట్టుకో. చివరి యాభై దగ్గరికి జరపకు. మూడో లెగ్ వచ్చినప్పుడు బుస్కేని వదిలేసి జోన్స్‌నే చూడు. వీలైతే మీ టీమ్ పిల్లలు ముగ్గురినీ పిలిచి కలిసి చూడండి. చివర ఈదిన ఆ అమ్మాయి పేరు నాకు చెప్పనేలేదు, ఈసారి సెలవులకి ఇంటికి తీసుకురా.

వచ్చే నెల మీ ఇంటర్ యూనివర్సిటీ మీట్‌కి మీ నాన్న సెలవు పెట్టేశారు, రైలు టికెట్లు కూడా అయ్యాయి. మీది ఏ లేనో తెలియగానే ఫోన్ చెయ్యి, గ్యాలరీలో ముందే వెళ్లి అటువైపు కూర్చుంటాం. ఈసారి కొంగు నోట్లో కుక్కుకోను.

ప్రేమతో,
అమ్మ