కుట్టుపని సంఘం వార్షిక నివేదిక, 2024–25

అధ్యక్షురాలు గారికి, కార్యవర్గ సభ్యులకు, సంఘం అక్కచెల్లెళ్లందరికీ నమస్కారం.

ఏటా సర్వసభ్య సమావేశం ముందు కార్యదర్శి నివేదిక పెట్టాలన్నది మన నియమం. సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు, నేరుగా పనిలోకి వస్తాను. శనివారం తరగతులు వేసవి సెలవుల్లో తప్ప ఆగకుండా జరిగాయి. సంక్రాంతికి పిల్లలకు పెట్టిన సూది-దారం శిబిరం బాగా నడిచింది. నేర్పిన పెద్దమ్మగార్లిద్దరికీ, పిల్లల్ని ఓపిగ్గా కూర్చోబెట్టిన తల్లులకూ కృతజ్ఞతలు. ఇక మిగిలిన కాగితమంతా మనం కుట్టిన కడియం పూలగుత్తి తెరకే కేటాయిస్తున్నాను. ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవలసిన పని అదే.

రాజమండ్రిలో ఉండి, కూతవేటు దూరంలో కడియం నర్సరీలు పెట్టుకుని, డిజైన్ పుస్తకాల్లో ఉన్న ముక్కూమొహం తెలియని పూలనే ఎన్నాళ్లు కుడతాం అని కిందటి సమావేశంలో అడిగింది మీరే. ఆ మాట పట్టుకునే గులాబీ, బంతి, చామంతి, కనకాంబరం, జాజి, లిల్లీ కలిపి ఒక పెద్ద పూలగుత్తిని గోడకు తగిలించే తెరగా కుట్టాలని కార్యవర్గం తీర్మానించింది. గుడ్డ కోసం తాడితోట బట్టల మార్కెట్‌కి వెళ్లి లేత గోధుమ రంగు కేస్‌మెంట్ అనే నూలుగుడ్డ తెచ్చాం. తెల్లగుడ్డ వద్దని పట్టుబట్టింది మన ఉపాధ్యక్షురాలు. జాజి, లిల్లీ రెండూ తెల్లపూలే, తెల్లటి గుడ్డ మీద అవి కనపడవని ఆవిడ అన్నది అక్షరాలా నిజమైంది. గుడ్డని ముందే తడిపి, ఆరబెట్టి, ఇస్త్రీ చేశాకే డిజైన్ దింపాం. అలా చేయకపోతే కుట్టిన తర్వాత మొదటి ఉతుకులోనే గుడ్డ కుంచించుకుపోయి పువ్వు చుట్టూ ముడతలు పడతాయి.

డిజైన్ దింపడం మన మగ్గం పనివాళ్ల పద్ధతిలోనే జరిగింది. ట్రేసింగ్ పేపర్ మీద గీతల వెంట సూదితో చిల్లులు పొడిచి, కిరోసిన్‌లో నీలిమందు కలిపి దూదితో రుద్దాం. చుక్కలు చుక్కలుగా గీత దిగింది. కార్బన్ పేపర్‌లా చెయ్యి తగిలితే మరకవ్వదు. ఈ పని మొత్తం ఒక్క చేతి మీద నడిపిన దానవాయిపేట అక్కకి సంఘం రుణపడి ఉంది.

రంగుల ఎంపిక గురించి కాస్త వివరంగా రాయాలి, ఎందుకంటే ఈ తెర బాగా వచ్చిందంటే సగం పుణ్యం ఆ రోజుదే. దారం రంగుల నమూనాలు ఉండే షేడ్ కార్డు పట్టుకుని పొద్దున్నే కడియపులంక పూల మార్కెట్‌కి వెళ్లాం. ఎండ బాగా పరుచుకునేదాకా ఆగి, పువ్వుని, దారాన్ని పక్కపక్కన పెట్టి చూశాం. ట్యూబ్‌లైటు కింద దారం కొంటే ఇంటికి వచ్చాక పగటి వెలుగులో అది వేరే రంగులా కనిపిస్తుందన్న సంగతి మనలో చాలామందికి అనుభవమే. బంతిపువ్వుని నారింజ రంగు అనేసి ఒకే లచ్చి తెచ్చుకుంటాం కదా! చేతిలోకి తీసుకుని ఒక్క రేక లాగి చూస్తే అంచు దగ్గర పసుపు కలిసిన నారింజ, మధ్యలో నిండు నారింజ, మొదట్లో ఇటుక రంగు. ఒక్క పువ్వుకి మూడు దారాలు పడ్డాయి. కనకాంబరం కూడా నారింజే అనుకుంటాం కానీ బంతి పక్కన పెడితే అందులో గులాబీ ఛాయ స్పష్టంగా తెలుస్తుంది. అదే దారం రెంటికీ వాడి ఉంటే తెరలో రెండూ కలిసిపోయి కనకాంబరం మాయమైపోయేది.

తెల్లపూలకు మంచు తెలుపు ఒక్కటే వాడితే పువ్వు కాగితంలా ఉంటుంది. లిల్లీ రేకులకు తెలుపు, నీడ పడే చోట లేత బూడిద, మొగ్గ మొదట్లో లేత ఆకుపచ్చ పెట్టాం. జాజి మొగ్గ వెనకవైపు ఉండే లేత గులాబీ చారకి లచ్చి దారంలో ఉండే ఆరు పోగుల్లో ఒక్క పోగు గులాబీ దారం సరిపోయింది. దగ్గరికి వచ్చి చూసినవాళ్లందరూ ముందుగా అడిగింది ఆ చార గురించే.

ఆకుపచ్చల విషయంలో మాత్రం గట్టి వాదనే జరిగింది. డబ్బు ఆదా అవుతుందని ఒకే ఆకుపచ్చ చాలన్నవారున్నారు. గుత్తి మొత్తానికి ఒకే ఆకుపచ్చ వాడితే ప్లాస్టిక్ పూలలా ఉంటుందని నా అభిప్రాయం, ఇప్పటికీ అదే. చివరికి మూడు ఖాయం చేశాం. ముందున్న లేత చిగుళ్లకు పసుపు కలిసిన ఆకుపచ్చ, మధ్య ఆకులకు నిండు ఆకుపచ్చ, వెనక్కి వెళ్లే ఆకులకు నీలం కలిసిన ముదురు ఆకుపచ్చ. ముదురు, చల్లని రంగులు కంటికి వెనక్కి జరుగుతాయి కాబట్టి పూలు వాటంతట అవే ముందుకొచ్చాయి. నల్లదారంతో అంచులు కట్టాలన్న సూచనని కార్యవర్గం ఒప్పుకోలేదు. అంచు కావలసిన చోట ఆ పువ్వు రంగులోనే ముదురు ఛాయ వాడాం.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఒక దుకాణంలో చవగ్గా వస్తోందని తెచ్చిన ఎర్రదారం రంగు దిగింది. తడి తెల్లగుడ్డలో నొక్కి చూసే అలవాటు మనకి ఉంది కాబట్టి తెర మీదకి ఎక్కకముందే పట్టుకున్నాం. ఆ లచ్చీలన్నీ పక్కన పడేసి మళ్లీ కొన్నాం, ఖర్చు పెరిగింది. ఎరుపు, మెరూన్, ముదురు నీలం దారాలు ఎక్కడ కొన్నా ఈ పరీక్ష చేయకుండా వాడొద్దు. ఒకే షేడ్ నంబరు దారం ఎంత కావాలో లెక్కేసుకుని ఒకేసారి కొనండి. మామూలు కాటన్ లచ్చిలో ఉండేది 8 మీటర్లు. మధ్యలో అయిపోయి మళ్లీ తెస్తే నంబరు అదే అయినా అద్దకం తేడాతో ఛాయ మారవచ్చు.

కుట్ల విషయానికొస్తే, పువ్వు ఆకారాన్ని బట్టి కుట్టు ఎంచుకోవాలి తప్ప మనకి చేతనైన కుట్టుని పువ్వు మీద రుద్దకూడదని మొదటి రోజే అనుకున్నాం. విచ్చిన గులాబీలకు చక్రం గులాబీ కుట్టు వేశాం, అంటే నడుమ నుంచి చక్రం ఊచల్లా దారాలు వేసి వాటి చుట్టూ దారం అల్లుకుంటూ రావడం. ఊచలు బేసి సంఖ్యలో, అంటే అయిదో ఏడో ఉంటేనే దారం పైనుంచి ఒకసారి కిందనుంచి ఒకసారి వరసగా వెళ్తుంది. నడుమ ముదురు, బయటికి వచ్చేకొద్దీ లేత. ఆరు పోగులూ కలిపి వాడితే నిండుగా వచ్చింది. గులాబీ మొగ్గలకు బులియన్ నాట్, అంటే సూదికి దారం చాలాసార్లు చుట్టి లాగే పొడవాటి ముడి. అందరికీ టెన్షన్ పెట్టిన కుట్టు ఇదే. కన్ను లావుగా ఉన్న సూదితో చుట్లు వేసి లాగితే చుట్లన్నీ కన్ను దగ్గర ఇరుక్కుంటాయి. ఒళ్లంతా ఒకే లావున్న మిల్లినర్ సూదులు తెప్పించాక ఆ గొడవ తీరిపోయింది. మొగ్గ కాస్త వంపు తిరగాలంటే కుట్టు పొడవుకి సరిపడా చుట్ల కంటే రెండు మూడు ఎక్కువ వేయాలి.

చామంతికి లేజీ డైజీ, అంటే రేకులా ఉండే ఉచ్చు కుట్టు, రెండు వరసలు. కింద వరస కొంచెం ముదురు పసుపు, పై వరస లేత పసుపు, నడుమ ఫ్రెంచ్ నాట్లు, అంటే చుక్కల్లాంటి చిన్న ముడులు. బంతికి నునుపు కుట్టు పనికిరాదు, దాని రేకులు ముడతలు ముడతలుగా ఉంటాయి. పొట్టి ఉచ్చులు దగ్గరదగ్గరగా వేసి వదిలేశాం, కొన్నిటిని కత్తిరించాం. ముట్టుకుంటే నిజం బంతిలా గరుగ్గా ఉంది. లిల్లీ రేకులకు లాంగ్ అండ్ షార్ట్, అంటే పొడుగు కుట్టు, పొట్టి కుట్టు కలిపి నింపడం, ఒక్క పోగుతో. ఇది కుట్టిన ఇన్నీసుపేట వదినగారి ఓర్పుకి చేతులెత్తి దండం పెట్టాలి. తెలుపులోంచి బూడిదలోకి రంగు ఎక్కడ మారిందో వెతికినా దొరకదు. కాడలకు కాడ కుట్టు, ఆకులకు చేప ముల్లులా కనిపించే ఫిష్‌బోన్ కుట్టు. కాడ కుట్టులో దారాన్ని ఎప్పుడూ సూదికి ఒకే పక్కన ఉంచాలి. ఒకసారి పైకి ఒకసారి కిందికి వదిలితే తాడు మెలికలా రావలసిన కాడ చిందరవందరగా వస్తుంది. తెరలో ఎడమవైపు కింది కాడలు చూస్తే ఈ తేడా తెలుస్తుంది. అవి విప్పి కుట్టాలని నిర్ణయించాం.

ఆ కాడల దగ్గరే ఒక కటువైన మాట రాయక తప్పడం లేదు. తెర పనికి వాట్సాప్ గ్రూపులో పేర్లు ఇచ్చినవారు చాలామంది, సూది పట్టుకుని హాలుకి వచ్చినవారు ఆ సంఖ్యలో సగం కూడా లేరు. గ్రూపులో సరేనని బొటనవేలు బొమ్మ పెట్టేస్తే పని అయిపోదు. వెనక ఉన్నవి ముందు కుట్టాలి, ఉబ్బెత్తు పూలు చివర్న కుట్టాలి. గుడ్డని పట్టి ఉంచే రింగు బిగిస్తే చక్రం గులాబీలు, నాట్లు నలిగిపోతాయి కాబట్టి ఈ వరస తప్పకూడదు. ఆకులు కుడతామన్నవారు రాకపోతే గులాబీలు కుట్టేవారు చేతులు ముడుచుకుని కూర్చోవలసి వచ్చింది. చివరి వారాల్లో వంటలు ముగించుకుని రాత్రిళ్లు వచ్చి కూర్చున్న ఆ కొద్దిమంది వల్లే తెర పూర్తయింది. వాళ్ల పేర్లు హాల్లో బోర్డు మీద రాయించాం, చదవండి. రంగుల ఎంపిక రోజు రానివారే తర్వాత తమ ఇంట్లో ఉన్న దారంతో ఆకులు కుట్టి తెచ్చారు. వాటిని విప్పవలసి వచ్చింది. నొచ్చుకున్నవారు ఉంటే ఉండొచ్చు, కానీ తెర అందరిదీ.

డిసెంబర్ 8 నుంచి 14 వరకు దేశమంతటా జరిగే హస్తకళల వారోత్సవాల్లోనే మన ప్రదర్శన కూడా పెట్టుకున్నాం. పూలగుత్తి తెరని హాలు ముఖద్వారానికి ఎదురుగా కట్టాం. కడియం నుంచి వచ్చిన ఒక నర్సరీ రైతు తెర ముందు చాలాసేపు నిలబడి, కనకాంబరం రేకులు ఒకవైపుకే విచ్చుకునేలా కుట్టారని గుర్తుపట్టి మెచ్చుకున్నారు. ఆ పువ్వు గుండ్రంగా ఉండదు, విసనకర్రలా ఒకపక్కకే తెరుచుకుంటుంది. ఆ సంగతి పట్టించుకుని గీసిన మన డిజైన్ బృందానికి ఇంతకంటే పెద్ద బహుమతి లేదు. ప్రదర్శనకు హాలు ఇచ్చిన కాలనీ పెద్దలకు, కుర్చీలు మోసిన అబ్బాయిలకు, మూడు పూటలా టీ పంపిన హోటల్ వారికి, లైట్లు కట్టిన తమ్ముడికి, పెట్టెలు మోసిన ఆటో అన్నయ్యకి, భోజనాలు చూసుకున్న కమిటీకి పేరుపేరునా ధన్యవాదాలు. ఇంట్లో పనులు పంచుకుని మమ్మల్ని పంపిన మగవాళ్లకూ మావి ప్రత్యేక కృతజ్ఞతలు.

ఆహ్వానించిన అధికారులు మాత్రం ఒక్కరూ రాలేదు. శనివారం తరగతులకు శాశ్వతంగా ఒక గది కావాలని ఒక కార్యాలయానికి అర్జీ ఇచ్చి చాలా నెలలైంది. వెళ్లిన ప్రతిసారీ సారు మీటింగులో ఉన్నారు, ఫైలు పైకి వెళ్లింది అంటున్నారు. ఆడవాళ్లు కాలక్షేపానికి కుట్టుకుంటున్నారన్న చులకన వాళ్ల మాటల్లో వినిపించింది. మన సభ్యుల్లో ఈ పని మీదే ఇల్లు నడుపుకునేవారు ఉన్నారని రాతపూర్వకంగా మళ్లీ తెలియజేశాం.

జమాఖర్చుల వివరాలు కోశాధికారి గారు ఆడిట్ చేయించి నోటీసు బోర్డులో పెట్టారు. దారాలకు అనుకున్నదానికంటే ఎక్కువైంది, కారణం పైన రాశాను. చందా బాకీ ఉన్నవారు ఈ రోజే కట్టి రసీదు తీసుకోవాలి.

వచ్చే ఏడాదికి కార్యవర్గం రెండు పనులు ప్రతిపాదిస్తోంది. 2027 గోదావరి పుష్కరాల నాటికి ఇంకో పెద్ద తెర సిద్ధం కావాలి. అందులో ఏ పూలుండాలో ఈ రోజే చర్చించుకుందాం. రెండోది, దారాల ఎంపికపై కొత్త సభ్యులకు నెలకో తరగతి. పగటిపూట, హాలు వరండాలో. దారం మోచేతి నుంచి వేళ్ల కొస దాకా ఉన్నంత పొడవే కత్తిరించుకోవడం, ఆరు పోగులూ విడదీసి మళ్లీ కలుపుకోవడం దగ్గర్నుంచి మొదలవుతుంది. పేర్లు ఈసారి గ్రూపులో తీసుకోం. సమావేశం తర్వాత రిజిస్టరులో సంతకం పెట్టినవారి పేర్లే లెక్కలోకి వస్తాయి.

ఇట్లు,
కార్యదర్శి